బైకు ముందు బ్రేకు డిస్కు గలగలమంటోందా? ఎంత ఊగుతోందని కాదు, ఎటు ఊగుతోందో చూడండి

[తెర మీద: ఇంజన్ ఆపిన పాత బండిని చేత్తో నెట్టుకుంటూ వస్తున్నాను. సంగీతం లేదు. ముందు చక్రం దగ్గర నుంచి గల... గల... గల.]

విన్నారుగా? ఇప్పుడు ముందు బ్రేకు లివర్‌ని రెండు వేళ్లతో, అలా తాకీ తాకనట్టు పట్టుకుంటాను.

[శబ్దం ఆగిపోతుంది. లివర్ వదిలితే మళ్లీ మొదలు.]

పట్టుకుంటే ఆగింది, వదిలితే వచ్చింది. అంటే శబ్దం బ్రేకులోంచే వస్తోంది. అంతవరకే తేలింది. డిస్కా, ప్యాడ్లా అన్నది ఇంకా తేలలేదు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. నేనూ పడ్డాను. ఇదే బండికి ఇదే శబ్దం వస్తే మొదట కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, మార్పించాను, తర్వాత ప్యాడ్లు మార్చాను. రెండూ కొత్తవి అయ్యాయి, గలగల మాత్రం అలాగే ఉంది. అప్పుడు కూర్చుని డిస్కును దగ్గరగా చూశాను.

[దగ్గరి షాట్: డిస్కు. వేలు బయటి రింగు మీద, తర్వాత లోపలి భాగం మీద.]

ఇది ఒకే రేకు కాదు. ప్యాడ్లు పట్టుకునే బయటి రింగు స్టీలు. చక్రానికి బోల్టులతో బిగించిన ఈ లోపలి భాగం, క్యారియర్ అంటారు, అల్యూమినియం. ఈ రెంటికీ మధ్య గుండ్రంగా కనిపిస్తున్నవి బాబిన్లు. బటన్లు అని కూడా అంటారు. రింగులో ఒక అరచందమామ గంటు, దానికి ఎదురుగా క్యారియర్‌లో ఇంకో అరచందమామ. రెండూ కలిసిన గుండ్రటి కన్నంలో బాబిన్ కూర్చుంటుంది. వెనక ఒక స్ప్రింగ్ వాషర్, దాని మీద అది ఊడిరాకుండా పట్టే సర్‌క్లిప్. మీరు బ్రేకు వేసినప్పుడు బండిని ఆపే బలమంతా ఈ చిన్న ముక్కల గుండానే చక్రానికి చేరుతుంది.

ఇన్ని ముక్కలు చేసి కలపడం ఎందుకు, ఒకటే డిస్కు పోతపోయొచ్చుగా అంటే, కారణం వేడి. లెక్క వేసి చూడండి. 300 మిల్లీమీటర్ల స్టీలు రింగు గట్టి బ్రేకింగులో 300 డిగ్రీలు వేడెక్కిందనుకుందాం. దాని అడ్డకొలత దాదాపు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. లోపలి భాగం మాత్రం అంత వేడెక్కదు. రెండూ ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటే పెరిగే రింగుకు చోటు దొరకదు, కంచంలా ఒక పక్కకు వంగుతుంది. అందుకే దాన్ని కాస్త వదులుగా వదిలేశారు. దీన్నే ఫ్లోటింగ్ డిస్కు అంటారు.

ఒక చిన్న గందరగోళం ఉంది, అదీ తీర్చేస్తాను. ప్యాడ్లను పట్టి డిస్కు మీద నొక్కే భాగాన్ని కాలిపర్ అంటారు. ఫ్లోటింగ్ కాలిపర్ వేరు, ఫ్లోటింగ్ డిస్కు వేరు. మొదటిదానిలో కాలిపర్ పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతుంది. మీ డిస్కు మీద బాబిన్లు కనిపించకపోతే, రింగూ క్యారియరూ ఒకటే రేకైతే, ఇక్కడ నేను చెప్పే పరీక్ష మీకు పనికిరాదు. మీ శబ్దం ప్యాడ్ల దగ్గరో, వదులైన డిస్కు బోల్టుల దగ్గరో ఉంటుంది.

[ముందు చక్రం గాల్లో. బండి కింద స్టాండు. చల్లారిన డిస్కును శుభ్రమైన గుడ్డతో పట్టుకుంటాను.]

ఇప్పుడు అసలు సంగతి. రింగు రెండు రకాలుగా ఊగగలదు. ఒకటి పక్కకి, అంటే ఫోర్కు వైపుకీ చక్రం వైపుకీ. రెండోది తిరిగే దిశలో, అంటే ముందుకీ వెనక్కీ. పక్కకి ఊగడం దాని స్వభావం. అసలు స్ప్రింగ్ వాషర్లే లేని ఫుల్ ఫ్లోటింగ్ డిస్కయితే కొత్తదైనా గలగలమంటుంది. రోడ్డు బండ్లకు ఎక్కువగా వచ్చేది సెమీ ఫ్లోటింగ్. అందులో వాషర్ ఒత్తి పట్టుకుంటుంది కాబట్టి రింగును పక్కకి కదపాలంటే వేళ్లతో కాస్త బలం పెట్టాలి. ఏళ్ల తరబడి వేడికి ఆ వాషర్లు పస తగ్గి చదునైపోతే రింగు ఊరికే ఆడుతుంది, గతుకుల్లో శబ్దం చేస్తుంది. చెవికి చిరాకే, కానీ అంతమాత్రానికి బెంబేలెత్తనక్కర్లేదు.

తిరిగే దిశలో ఊగితే మాత్రం అది వేరే కథ. బాబిన్ అరిగింది, లేదా అది కూర్చునే గంటు సాగింది.

[మార్కర్ పెన్ను. రింగు మీద నుంచి క్యారియర్ మీదకి, బాబిన్ పక్కగా, తెల్ల గీత.]

ఇదిగో, పరీక్షకు కావలసింది ఈ గీతే. రింగు మీద సగం, క్యారియర్ మీద సగం. లివర్‌ని హ్యాండిల్‌కి పట్టీతో బిగించి కట్టేయండి. ఇప్పుడు టైరును రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించండి.

[బాగా దగ్గరి షాట్. గీత మధ్యలో విరిగి, మళ్లీ కలుస్తుంది. టక్. టక్.]

చూశారా, గీత విరిగింది. రింగును ప్యాడ్లు పట్టుకున్నాయి, క్యారియర్ చక్రంతో పాటు కదిలింది. తేడా బాబిన్ల దగ్గరే. అదే టక్కుమన్నా గీత విరగకుండా, రింగూ క్యారియరూ కలిసికట్టుగా కదిలాయనుకోండి. అప్పుడు ప్యాడ్లు కాలిపర్‌లో జరుగుతున్నాయి. కాస్త జరగడం మామూలే. ఎక్కువగా ఉంటే ప్యాడ్లను ఒత్తి ఉంచే రేకు స్ప్రింగు ఉందా, ప్యాడ్ పిన్ను మీద గాడి పడిందా చూడండి. పాత బండ్లలో ఆ రేకు మాయమై ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఎవరో ప్యాడ్లు మార్చి, మిగిలిపోయిన ముక్కని జేబులో వేసుకుని వెళ్లిపోయి ఉంటారు!

ఇంతకంటే చిక్కు ఇంకోటి ఉంది. ముందు రెండు డిస్కులున్న బండిలో లివర్ కట్టేస్తే రెండూ ఒకేసారి పట్టుకుంటాయి. గట్టిగా ఉన్న డిస్కు చక్రాన్ని కదలనివ్వదు, దాని చాటున వదులు డిస్కు తప్పించుకుంటుంది. గీత విరగలేదు కాబట్టి అంతా బాగుందని అనుకుంటాం. అందుకని రెండు డిస్కులుంటే లివర్ వదిలేయండి. చక్రాన్ని మోకాలితో ఆనించి పట్టుకుని, రింగును చేత్తో తిప్పడానికి ప్రయత్నించండి. కుడిది ఒకసారి, ఎడమది ఒకసారి. పక్కపక్కనే పోల్చినప్పుడు తేడా చేతికే తెలిసిపోతుంది.

కోన్ సెట్ సంగతి కూడా చెప్పాలి, నేను అనవసరంగా మార్పించాను కాబట్టి. బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే కోన్ సెట్ వదులున్నా టక్కుమంటుంది. హ్యాండిల్ కింద, ఫ్రేము ఫోర్కును కలిసే చోట వేళ్లు పెట్టి ఊపండి. అక్కడ అదిరితే కోన్ సెట్. చక్రం బేరింగయితే బ్రేకుతో పనిలేదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని పక్కలకు ఊపితే బయటపడుతుంది.

[బల్ల మీద చక్రం. ఒక్కో బాబిన్‌ను వేలితో తిప్పుతున్నాను.]

ఇక బాబిన్లు. ఇది తిరుగుతోంది. ఇదీ తిరుగుతోంది. ఇది తిరగట్లేదు. బ్రేకు ధూళి, తుప్పు కలిసి బిగుసుకుపోయింది. తిరగకపోతే ఏమవుతుంది? బ్రేకు బలం ఎప్పుడూ ఒకే పక్క పడుతుంది కాబట్టి అక్కడే అరిగి చదునవుతుంది. బయటికి తీసినది చూడండి. గుండ్రంగా ఉండాల్సిన ఒడ్డు మీద గోటికి తగిలేంత మెట్టు ఉంది. టక్ శబ్దం పుట్టింది ఈ మెట్టు దగ్గరే. బిగుసుకున్న బాబిన్లు ఎక్కువైతే ఇంకో బాధ, శబ్దం రాదు కానీ బ్రేకు వేసినప్పుడు లివర్ వేలి కింద కొట్టుకుంటుంది. అంటే నిశ్శబ్దంగా ఉన్న డిస్కు ఆరోగ్యంగా ఉందని కూడా అనుకోవద్దు.

బిగుసుకున్నదాన్ని వదిలించడానికి బ్రేక్ క్లీనర్ కొట్టి, బోలుగా ఉన్న బాబిన్‌లో బోల్టు దూర్చి, రెండు పక్కలా వాషర్లు వేసి నట్టు బిగించి స్పానర్‌తో మెల్లగా తిప్పండి. నూనె, గ్రీజు జోలికి వెళ్లొద్దు. వేడెక్కితే అది కారి ప్యాడ్ల మీదకే చేరుతుంది. ఆ ధూళిని నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

బాబిన్ మాత్రమే అరిగితే, దాన్ని సర్‌క్లిప్ పట్టి ఉంచితే, బాబిన్లు వాషర్లు క్లిప్పులు సెట్టుగా మార్చొచ్చు. క్లిప్పు ఎగిరి కంట్లో పడొచ్చు, కళ్లద్దాలు పెట్టుకోండి. సర్‌క్లిప్ లేకుండా రివెట్ చేసేసిన డిస్కులూ ఉంటాయి. వాటిని విప్పి మళ్లీ కొట్టి అతికించే ప్రయోగం ఇంట్లో వద్దు, డిస్కు మార్చేయండి. క్యారియర్ గంటు సాగిపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చినా అంతే. సాగిన గంటులో మామూలు కొలత కొత్త బాబిన్ వేస్తే నాలుగు రోజుల ముచ్చటే.

కొందరు బాబిన్ల స్థానంలో నట్టూబోల్టూ వేసి బిగించేస్తారు. గలగల ఆగిపోతుంది, నిజమే. కానీ ఇందాక లెక్క వేసిన ఆ 1 మిల్లీమీటరుకు చోటెక్కడ? నేనైతే ఆ బండి ఎక్కను.

ఎలాగూ విప్పారు కాబట్టి డిస్కు మందం కొలవండి. అనుమతించే అతి తక్కువ మందం చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది, ‘మిన్ టిహెచ్’ అని. అంతకు తగ్గితే బాబిన్లకు ఖర్చు పెట్టడం దండగ. రింగు మీది కన్నాల మధ్య పగుళ్లు, ముఖ్యంగా అంచు దాకా పాకినవి, కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా తీసేయండి.

[చక్రం తిరిగి బండికి. టార్క్ రెంచి.]

డిస్కు బోల్టులకు పాత జిగురు గీకేసి కొత్త థ్రెడ్ లాకర్ చుక్క వేసి, మీ బండి మాన్యువల్‌లో ఉన్న టార్కుకే, అంటే బిగింపు బలానికే, బిగించండి. కాలిపర్ ఎక్కించాక బండి కదిపే ముందు లివర్‌ని గట్టిపడేదాకా నొక్కుతూ ఉండాలి. ఇది మర్చిపోతే మొదటి బ్రేకు ఉత్తుత్తిదవుతుంది.

[మళ్లీ బండిని నెట్టుకుంటూ. వినీ వినపడనట్టు చిన్న గల.]

ఇంకా వస్తోందని అనకండి. తెల్ల గీత చూడండి, విరగట్లేదు. ఈ కాస్త చప్పుడు పక్కకి ఊగడం వల్లే. దీన్ని నేను ఉండనిస్తున్నాను.