డిఫాల్ట్ వెర్షన్ ఎప్పుడు మార్చాలి: గడువు నుంచి వెనక్కి లెక్క

అందరికీ నమస్కారం.

మన ప్రోగ్రాం ఆధారపడే ఇతర ప్రోగ్రాంలనే డిపెండెన్సీలు అంటాం. వాటిలో ఒక్క రకం గురించే ఈ ప్రసంగం. ఏ వెర్షన్ కావాలో యూజర్ చెప్పనప్పుడు మన ప్రాజెక్టు తనంతట తాను ఇచ్చేదే డిఫాల్ట్. లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో ఉత్త పైథాన్ అని అడిగితే వచ్చే వెర్షన్, కంపైలర్ పేరెత్తకుండా బిల్డ్ చేస్తే నడిచే జీసీసీ, మన ప్రోగ్రాంలో కలిపి పంపే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అన్నీ ఈ కోవలోవే. కొత్త వెర్షన్‌ని పాతదాని పక్కన చేర్చడం తేలిక. కావాలనుకున్నవాళ్లు తీసుకుంటారు, ఏదైనా విరిగితే తాము ఏం మార్చారో వాళ్లకి తెలుసు. డిఫాల్ట్ మారిస్తే మాత్రం దెబ్బ తగిలేది ఏమీ మార్చనివాళ్లకి. అసలు ఆ డిపెండెన్సీ తమ కింద ఉందని కూడా వాళ్లలో చాలామందికి తెలియదు.

అందుకే "కొత్తది వచ్చి ఎన్నాళ్లయింది?" అని మొదలుపెడితే లెక్క తప్పుతుంది. పాతదానికి సెక్యూరిటీ ఫిక్సులు ఏ రోజున ఆగిపోతాయి? మన రిలీజుని ఏ రోజు దాకా చూసుకుంటామని మాటిచ్చాం? ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసుకుని అక్కణ్నుంచి వెనక్కి రావాలి.

జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్‌లో 16వ వెర్షన్, నోడ్ 16 సంగతే తీసుకోండి. అది 2021 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1తో వచ్చింది. 2024 ఏప్రిల్ దాకా చూసుకుంటామన్నారు. 1.1.1 మద్దతేమో 2023 సెప్టెంబర్ 11తో ముగిసిపోతుంది. అంటే చివరి ఏడు నెలలూ ఫిక్సులు రాని క్రిప్టో లైబ్రరీ మీద నడవాలి. పోనీ మధ్యలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0కి మారుద్దామా అంటే, స్థిరంగా ఉంటుందని నమ్మి జనం వాడుతున్న లైనులో అంత పెద్ద మార్పు చేయడం మరీ ప్రమాదం. చివరికి నోడ్ 16 గడువునే కుదించి సెప్టెంబర్ 11కి తెచ్చారు. ఇది అజాగ్రత్త అని నేననను. నోడ్ 16 వచ్చేనాటికి 3.0 ఇంకా పూర్తే కాలేదు, అది వచ్చింది 2021 సెప్టెంబర్‌లో. కానీ చాలా ప్రాజెక్టుల్లో రెండు తేదీలూ ముందే తెలిసి ఉండి కూడా ఎవరూ వాటిని ఒకచోట పెట్టి చూడరు.

3.0ని మొదట తీసుకున్నది 2021 అక్టోబర్‌లో వచ్చిన నోడ్ 17. అది కొద్ది నెలలే బతికే లైను. డిఫాల్ట్ మార్పు మొదట దిగాల్సింది అలాంటి చోటే. దిగగానే '0308010సి' నంబరుతో ఒక ఎర్రర్ వచ్చి, ఎక్కడెక్కడి ఫ్రంటెండ్ బిల్డులూ ఆగిపోయాయి. ఫైలు మారిందో లేదో గుర్తుపట్టడానికి ఫ్రంటెండ్ ఫైళ్లని కలిపి కట్టే వెబ్‌ప్యాక్ ఎండీ4 అనే పాత హాష్ వాడేది. అందులో భద్రత ప్రసక్తే లేదు, ఉత్త గుర్తింపు ముద్ర. 3.0లో ఎండీ4ని పాతవాటిని విడిగా ఉంచే లెగసీ ప్రొవైడర్‌లోకి నెట్టేశారు, అడిగితే తప్ప అది లోడ్ కాదు. "మేం ఎండీ4తో ఏదీ ఎన్‌క్రిప్ట్ చేయడం లేదు కదా" అని చేంజ్‌లాగ్‌లో, అంటే మార్పుల జాబితాలో, ఆ లైను దాటేసినవాళ్లకే ఇది తగిలింది. చేంజ్‌లాగ్ చదవాలి, కాదనను. అది చదివినా బిల్డ్ చేసి చూడటం మాత్రం తప్పదు.

ఆ ఎర్రర్‌లో ఒక మంచితనం ఉంది: అరిచింది. నాకు భయం అరవనివాటితోనే.

2024లో వచ్చిన జీసీసీ 14 చూడండి. డిక్లరేషన్ లేకుండా ఫంక్షన్‌ని పిలవడం సీ భాషలో అప్పటిదాకా వార్నింగ్, జీసీసీ 14 నుంచి ఎర్రర్. మీ కోడ్‌లో అలాంటిది ఉంటే బిల్డ్ ఆగుతుంది, దిద్దుకుంటారు. చిక్కంతా కాన్ఫిగర్ స్క్రిప్టుల్లో. అవి ఒక ఫీచర్ ఉందో లేదో తెలుసుకోవడానికి నాలుగు లైన్ల ప్రోగ్రాం కంపైల్ చేసి చూస్తాయి. ఆ చిన్న ప్రోగ్రాం పాతకాలపుదైతే, హెడర్ చేర్చకుండానే 'ఎగ్జిట్' పిలుస్తుంది. ఇప్పుడది కంపైల్ కాదు. స్క్రిప్టేమో "ఈ సిస్టమ్‌లో ఆ ఫీచర్ లేదు" అని రాసుకుని ముందుకెళ్లిపోతుంది. బిల్డ్ పచ్చగా ఉంటుంది, టెస్టులు కూడా దాటొచ్చు, ప్యాకేజీలో ఒక ఫీచర్ మాయం. దీన్ని పట్టుకోవాలంటే పాత కంపైలర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి కాన్ఫిగర్ నడిపి, రెండుసార్లూ తయారైన కాన్ఫిగ్ హెడర్లని పోల్చి తేడా (డిఫ్) తీయాలి. ఒక్క లైను తేడా వచ్చినా కారణం తెలిసేదాకా వదలకూడదు.

ఇంతకంటే నిశ్శబ్దమైనది లినక్స్‌లో ప్రోగ్రాంలకి ఆధారమైన సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.28, 2018లో వచ్చింది. అందులో అక్షర క్రమం నియమాలు మారాయి. అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌లో (భాష, ప్రాంతం సెట్టింగ్) '1-1', '11' రెండిటినీ సార్ట్ చేయిస్తే అంతకుముందు '11' మొదట వచ్చేది, 2.28లో '1-1' మొదట వస్తుంది. చూడటానికి ఎంత చిన్న తేడా! కానీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టెక్స్ట్ కాలమ్ మీది ఇండెక్స్, అంటే వెతకడానికి వాడే వరుస జాబితా, పాత క్రమంలోనే డిస్క్ మీద ఉంది. కొత్త క్రమంతో అందులో వెతికితే ఉన్న వరుసే కనబడకపోవచ్చు, యూనిక్ అన్న కాలమ్‌లోకి అదే విలువ రెండోసారి దూరిపోవచ్చు. ఇండెక్సులు మళ్లీ కట్టుకోవడమే మందు. ఏ టెస్టూ దీన్ని పట్టదు, ఎందుకంటే టెస్టులు ప్రతిసారీ ఖాళీ డేటాబేస్‌తోనే మొదలవుతాయి. కాబట్టి డిస్క్ మీద ఏదైనా రాసే డిపెండెన్సీ అయితే, పాత వెర్షన్‌తో రాసిన డేటాని దాచుకుని కొత్తదానితో తెరిచి చూసే టెస్ట్ ఒకటి విడిగా ఉండాలి.

ఇక రిహార్సల్. మీ డిఫాల్ట్ మీద ఆధారపడినవాటి జాబితా తీసి అన్నిటినీ బిల్డ్ చేయాలి. మొదటి రౌండు పాత వెర్షన్‌తోనే. చాలామంది ఇది ఎగ్గొడతారు. 400 ప్యాకేజీల్లో పాతదానితో 30, కొత్తదానితో 42 ఫెయిల్ అయ్యాయనుకోండి. కొత్తగా చెడినవి 12 అనేస్తే పొరపాటే. ఆ 30లో 8 కొత్త వెర్షన్‌తో బాగై ఉంటే కొత్తగా చెడినవి 20. అందుకే అంకెలు కాదు, పేర్లు పోల్చాలి. తర్వాత ఒక్కో పేరు ఎదురుగా ఫిక్స్ ఎక్కడుందో రాయాలి: రిలీజ్ అయిందా, మెయిన్ బ్రాంచిలోనే ఉందా, పట్టించుకునేవాళ్లే లేరా. మెయిన్‌లో ఉన్న ఫిక్స్‌ని ఉన్నట్టు లెక్కేయొద్దు, రిలీజ్ ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు? ఎవరూ వాడని 20 ప్యాకేజీలు చెడినా మార్పు ఆపనక్కర్లేదు, మిగతావాటిని బిల్డ్ చేసే పనిముట్టు ఒక్కటి చెడితే చాలు, ఆపాల్సిందే.

ఏబీఐ, అంటే కంపైల్ అయిన కోడ్ ముక్కలు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి, మారితే ఏది ముందు ఏది తర్వాత అన్న వరుస కూడా ముఖ్యం. 2024 జూన్‌లో పైథాన్‌లో లెక్కల లైబ్రరీ నంపై 2.0 వచ్చినప్పుడు, 1.x మీద కంపైల్ చేసిన మాడ్యూళ్లు 2.0లో నడవవు, 2.0 మీద కంపైల్ చేసినవి మాత్రం 1.xలోనూ నడుస్తాయి. అంటే ముందు అన్నీ 2.0 మీద తిరిగి బిల్డ్ చేసి, యూజర్ల దగ్గర 1.xనే ఉంచి, అంతా కుదిరాక డిఫాల్ట్ మార్చొచ్చు. ఈ వెసులుబాటు ప్రతి లైబ్రరీ ఇవ్వదు. ఇస్తే వాడుకోకపోవడం మన తప్పు.

"కొన్ని రోజులు ఆగితే దొంగ కోడ్ బయటపడుతుంది కదా" అనే మాట కూడా వింటుంటాం. ఆగడం మంచిదే, కానీ ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ 5.6.0 విడుదలకీ, అందులో బ్యాక్‌డోర్ (దొంగదారి) ఉందని 2024 మార్చి 29న బయటపడటానికీ మధ్య 34 రోజులు గడిచాయి. డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో కొత్త ప్యాకేజీ ముందు చేరే అన్‌స్టేబుల్ నుంచి తర్వాతి మెట్టు టెస్టింగ్‌కి వెళ్లాలంటే అర్జెన్సీని బట్టి 2, 5 లేదా 10 రోజులు ఆపుతారు. ఆ ఆపుదల దాటుకుని అది టెస్టింగ్‌లోకి చేరిపోయింది. స్టేబుల్‌లో పాత వెర్షన్ ఉంది కాబట్టి దాని జోలికి రాలేదు.

సెక్యూరిటీ ఫిక్స్‌ని మాత్రం ఈ నిరీక్షణతో కలపకూడదు. అదే లైనులో వచ్చే చిన్న వెర్షన్ వెంటనే వెళ్లాలి. 2021 డిసెంబర్‌లో జావా ప్రోగ్రాంలు లాగ్ రాయడానికి వాడే లాగ్‌4జేలో 2.15.0 ఫిక్స్ చాలక అదే నెలలో 2.16.0, 2.17.0, 2.17.1 వచ్చాయి. ఒకే నెలలో నాలుగుసార్లు పంపగలిగే ఏర్పాటు మీకుందా అన్నది డిఫాల్ట్ నిర్ణయానికి ముందే తేలాలి. "ఎలాగూ ఫిక్స్ వేస్తున్నాం కదా, మేజర్ వెర్షన్ కూడా మార్చేద్దాం" అనే ఉబలాటం ఆ వారంలోనే పుడుతుంది. మానుకోండి.

చివరగా, మార్పు చేసే కమిట్. అందులో డిఫాల్ట్ మార్చే ఆ ఒక్క లైనే ఉండాలి. ప్యాకేజీల ఫిక్సులన్నీ అంతకుముందే విడివిడి కమిట్లుగా వెళ్లిపోవాలి, అవి పాతదానితోనూ బిల్డ్ కావాలి. అప్పుడు రాత్రికి రాత్రి వెనక్కి తీసుకోవాల్సి వచ్చినా ఒక్క రివర్ట్‌తో పోతుంది. పాత వెర్షన్‌ని దాని అంకెతో సహా పేరు పెట్టి అడిగితే దొరికేలా ఇంకో రిలీజు దాకా ఉంచి, తీసేసే తేదీని డిఫాల్ట్ మార్చిన రోజునే రిలీజ్ నోట్‌లో రాసేయండి.