సెలవు చీటీ

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆదివారం పూట ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చిన విద్యార్థులకు నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పిన మాటల్లో సగం కొట్టేసినా మిగిలిన సగం నాకు ఎక్కువే కాబట్టి, ఆ మర్యాదకు కృతజ్ఞత చెప్పి నేరుగా విషయానికి వస్తాను. నాకు ఇచ్చిన అంశం ‘ఉద్యోగం చేస్తూ సి.ఎం.ఏ. చదివేవారికి సమయపాలన’. సి.ఎం.ఏ. అంటే వస్తువు తయారీకి అయ్యే ఖర్చును లెక్కకట్టే కాస్ట్ అకౌంటెంటు చదువు. ఫోనులో సరేనన్నాను గానీ, నిన్న రాత్రి నాలుగు ముక్కలు రాసుకుందామని కూర్చుంటే, తెల్లవారుజామున లేవండి, బస్సులో చదవండి అని మీకు చెప్పబోతున్నందుకు నాకే నవ్వు వచ్చింది. మీరు ఆ పని ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నారు. అయినా అంశం ఇచ్చారు కనుక దాని మీద కొంత మాట్లాడతాను, ఆ తరువాత ముందు వరుసల్లో కూర్చున్న మేనేజర్ల వైపు తిరుగుతాను.

ఈ పరీక్ష ఉద్యోగస్థుల పరీక్ష ఎందుకయిందో ముందు చెప్పుకోవాలి. సి.ఏ. చదవాలంటే ఆర్టికల్‌షిప్, అంటే ఆడిటరు దగ్గర శిక్షణ, చేయాలి. మొన్నమొన్నటిదాకా అది మూడేళ్లు, 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో రెండేళ్లు. ఆ కాలమంతా పూర్తి ఉద్యోగం చేయడానికి వీలుండదు, వచ్చే స్టైపెండుతో ఇల్లు గడవదు. తండ్రి కౌలు రైతై, చెల్లెలి పెళ్లికి తెచ్చిన అప్పు ఇంకా తీరని ఇంట్లో బి.కాం. పూర్తిచేసిన కుర్రవాడికి ఆ దారి లేనట్టే. మన చదువు అలా కాదు. ఉద్యోగం మానమని అడగదు, పైగా తగిన విభాగంలో చేసిన ఉద్యోగానుభవాన్నే ప్రాక్టికల్ ట్రైనింగ్‌గా లెక్కలోకి తీసుకుంటుంది. 1944లో మొదలై, 1959 చట్టంతో ఇప్పటి హోదా పొందిన మన ఇన్‌స్టిట్యూట్ పాత పేరులో ‘కాస్ట్ అండ్ వర్క్స్’ అని ఉండేది. వర్క్స్ అంటే కార్ఖానా. 2012లో పేరు మారినప్పుడు ఆ మాట పోయింది. పోవడానికి కారణాలు ఉండవచ్చు, నాకు మాత్రం ఇప్పటికీ అది వెలితిగానే ఉంటుంది, ఎందుకంటే నేను ఈ విద్యను నేర్చుకున్నది కార్ఖానాలోనే.

గోదావరి జిల్లాల్లో ఒక చక్కెర ఫ్యాక్టరీలో నేను అకౌంట్స్ గుమాస్తాగా చేరాను. మాకు ఇచ్చిన క్వార్టర్సు చిమ్నీకి గాలివాటున ఉండేవి. గానుగ సీజన్ మొదలైందంటే తెల్లవారేసరికి మేడ మీద, తులసికోట మీద, ఆరేసిన బట్టల మీద పిప్పి కాలిన నల్లటి నుసి పడి ఉండేది. పొద్దున నాలుగున్నరకు మేడ మెట్ల మీద లైటు కింద కూర్చుని చదివేవాణ్ణి. పేజీ మీద పడిన నుసిని చేత్తో తుడిస్తే చార పడుతుంది, ఊదితేనే పోతుంది. నా కాస్టింగ్ పుస్తకంలో ఆ చారలు ఇప్పటికీ ఉన్నాయి. లెక్కలు వేసుకోవడానికి ఆఫీసులో పారేసిన ప్రింటవుట్లు తెచ్చుకునేవాణ్ణి. రెండు అంచులా చిల్లులున్న ఆ పొడవాటి కాగితాలకు ఒకవైపు రైతుల పేర్లు, టన్నులు, రెండోవైపు నా ప్రాసెస్ కాస్టింగ్ లెక్కలు.

అక్కడ జరిగిన ఒక సంగతి ఎక్కడ మాట్లాడినా చెబుతాను, ఇదివరకు విన్నవారు క్షమించాలి. టన్ను చెరకు ఆడితే చక్కెర వచ్చేది వంద కిలోల లోపే. పిప్పి 280 నుంచి 300 కిలోలు, మొలాసిస్, అంటే చక్కెర తీశాక మిగిలే చిక్కటి పాకం, 40 కిలోల పైన, కొంత ఫిల్టర్ మడ్డి. ఉప ఉత్పత్తులకు అమ్ముడయ్యే ధర కట్టి, అమ్మకం ఖర్చులు తీసి, మిగిలినది ప్రధాన వస్తువు ఖర్చులోంచి తగ్గించమని పుస్తకం చెప్పింది. మొలాసిస్‌ను డిస్టిలరీ కొంటుంది కనుక దానికి ధర ఉంది. పిప్పిని మాత్రం ఎవరికీ అమ్మడం లేదు, వచ్చింది వచ్చినట్టు మా బాయిలరే తినేస్తోంది. మరి దానికి ఏ ధర కట్టాలి? నాలుగు రోజులు తల పట్టుకుని, చివరికి బాయిలర్ దగ్గర పనిచేసే ఒక పెద్దాయనను, ‘ఈ పిప్పికి ఎంత విలువ ఉంటుందండీ’ అని ఊరికే అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ‘అదేం ప్రశ్న బాబుగారూ, పిప్పి లేని రోజున కట్టెలు కొంటున్నాం కదండీ, ఆ కట్టెల ఖరీదే దీని ఖరీదు’ అన్నాడు. సొంతానికి వాడుకునే ఉప ఉత్పత్తికి దాని బదులు కొనవలసిన వస్తువు ధర కట్టే పద్ధతి పుస్తకంలో రెండు పేజీల తరువాత ఉంది. నేను అంతదాకా చదవలేదు, ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. చదువు, పని ఒకే చోట ఉంటే దొరికే లాభం ఇది. పగలంతా కోచింగ్‌లో కూర్చునే పిల్లలకు ఇది దొరకదు.

సమయపాలన గురించి చెప్పవలసిన నాలుగు మాటలు ఇక్కడే చెప్పేస్తాను. అయిదుగురు రచయితల పుస్తకాలు కొనకండి, ఇన్‌స్టిట్యూట్ మెటీరియల్, పాత ప్రశ్నపత్రాలు, వాటికి ఇచ్చే సూచిత జవాబులు మూడు సార్లు తిరగేయండి. ఆఫీసులో మనం కీబోర్డు మీద తప్ప చేత్తో రాయడం మానేశాం, సంతకం తప్ప కలం పని లేదు. పరీక్ష హాలులో గంట గడిచేసరికి బొటనవేలు మొద్దుబారిపోయి, వచ్చిన జవాబు కూడా సగంలో ఆగిపోతుంది. ప్రతి ఆదివారం ఒక పేపరు మూడు గంటలు గడియారం పెట్టుకుని చేత్తో రాయండి. ఇంకొకటి, మెల్లగా చదివేవాడి చేతిలో చట్టం పాతబడిపోతుంది. నేను కంపెనీల చట్టం 1956లోని 233బి సెక్షన్ కంఠతా పట్టి, కాస్ట్ ఆడిట్ (తయారీ ఖర్చుల లెక్కల తనిఖీ) అంటే అదే అనుకుంటూ ఉండగా 2013 చట్టం వచ్చి అది 148 సెక్షన్ అయింది, 2014లో రూల్సూ మారాయి. పరోక్ష పన్నులు చదివినవారికి 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చి పుస్తకానికి పుస్తకమే మారిపోయింది. అందువల్ల ఒక్కొక్క గ్రూపును, అంటే కలిపి రాసే నాలుగు పేపర్ల జట్టును, ఏళ్లతరబడి లాగకూడదు. కానీ లాగడం ఎప్పుడూ విద్యార్థి చేతిలోనే ఉంటుందా? నేను చెప్పదలచుకున్నది ఇక్కడ మొదలవుతుంది.

మన పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో జరుగుతాయి. పాస్ కావాలంటే ప్రతి పేపరులో 40 రావాలి, గ్రూపు మొత్తం మీద సగటున 50 రావాలి. నాలుగు పేపర్లలోనూ 45 చొప్పున తెచ్చుకున్నవాడు ఏ ఒక్క పేపరులోనూ తప్పకుండానే గ్రూపు తప్పుతాడు. అందువల్ల ఒక పేపరు మానేసి మిగిలిన మూడు రాసి రావడంలో అర్థం లేదు. ఇవాళ మధ్యాహ్నం వెళ్లి ఎల్లుండి మధ్యాహ్నం మళ్లీ వెళ్లు అని పర్మిషన్లు ఇచ్చేవారికి ఈ లెక్క తెలియదు. పేపర్లకు, ప్రయాణానికి, ముందు ఒకరోజు పుస్తకం తిరగేసుకోవడానికి ఎనిమిది రోజులు కలిసి ఉండాలి.

చక్కెర ఫ్యాక్టరీలో డిసెంబరు అంటే సీజన్ నడుమ. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు తోలిన 14 రోజుల్లోగా రైతుకు డబ్బు చెల్లించాలి, దాటితే 15 శాతం వడ్డీ. పక్షం బిల్లుల సీటు నాది. 2014 డిసెంబరులో ఫైనల్ గ్రూపు రాయడానికి నేను సెప్టెంబరులోనే సెలవు చీటీ పెట్టాను. మా ఆఫీసరు గారు దాన్ని చదివి, టేబుల్ అద్దం కింద పెట్టి, ‘చూద్దాం’ అన్నారు. అక్టోబరులో అడిగితే చూద్దాం, నవంబరులో అడిగితే చూద్దాంలేవయ్యా. ఫీజు కట్టాను, అడ్మిట్ కార్డు తీసుకున్నాను, విజయవాడలో బంధువుల ఇంట్లో ఉంటానని కబురు చేశాను. బయలుదేరవలసిన రోజుకు ముందురోజు సాయంత్రం ఆయన, ‘నువ్వు వెళితే ఈ పక్షం బిల్లులు ఎవరు చేస్తారయ్యా’ అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆయనా దుర్మార్గుడు కాడు. మొదటి పేపరు జరుగుతున్న వేళకు నేను కాటా చీటీలు ముందు పెట్టుకుని టన్నులు ఎక్కిస్తూ ఉన్నాను. ఆ వారంలోనే ఒక రైతు వచ్చి, ‘ఈసారి బిల్లు రోజుకే వచ్చిందండీ’ అని సంతోషంగా చెప్పి వెళ్లాడు. ఆయన ముఖం చూశాక ఎవరిని తిట్టుకోవాలో కూడా నాకు తెలియలేదు.

చాలాకాలం దీన్ని నేను సెలవు ఇవ్వని ఆఫీసరు కథగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, నన్ను ఆపింది ఆయన తిరస్కారం కాదు. సెప్టెంబరులోనే ‘కుదరదు’ అని చీటీ మీద రాసి ఉంటే నేను ఆ ఫీజు కట్టకుండా జూన్‌కు సిద్ధమయ్యేవాణ్ణి. ‘కుదురుతుంది’ అని ఉంటే మూడు నెలల్లో పక్కసీటులోని కుర్రవాడికి ఆ పని నేర్పేవాణ్ణి, అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఏదీ అనకుండా మూడు నెలలు గడిపిన ఆ ‘చూద్దాం’ నన్ను ఆపింది. ముందు వరుసల్లో ఉన్న అయ్యలారా, అమ్మలారా, ఈ మాట మీరు కాస్త గట్టిగా వినాలి. మీ టేబుల్ అద్దం కింద ఈ డిసెంబరు చీటీలు ఎన్ని ఉన్నాయి?

మేనేజర్ల మనసులో ఒక భయం ఉంటుంది, ఎవరూ బయటికి చెప్పరు. పాస్ అయితే వీడు వెళ్లిపోతాడు. నిజమే, నేను వెళ్లాను. జూన్ 2015లో ఆ గ్రూపు, తరువాత రెండోది పూర్తిచేసి ఏడాది తిరగకుండా వేరే కంపెనీలో చేరాను. కానీ చదువుతున్న ఆ నాలుగేళ్లూ మా ఫ్యాక్టరీ రోజువారీ కాస్ట్ షీటును కుదురుగా వేసింది గుమాస్తా జీతం తీసుకున్న ఈ మనిషే. ఆ భయం సంగతి తెలిసే మన విద్యార్థులు ఆఫీసులో చదువు మాటే ఎత్తరు, పరీక్షకు అమ్మమ్మకు జబ్బు చేసిందని సెలవు పెడతారు. ఒకే ఇంట్లో నలుగురు అమ్మమ్మలకు జబ్బు చేసిన సందర్భాలు నాకు తెలుసు.

ఇక నేను ఇంతవరకు ఏ వేదిక మీదా చెప్పని సంగతి చెబుతాను. 2019లో నేను ఒక కంపెనీలో ఫైనాన్స్ మేనేజర్‌ని. నా దగ్గర పనిచేసే ఒక అమ్మాయి ఆ డిసెంబరుకు ఫైనల్ గ్రూపు కట్టింది. 2017–18 సంవత్సరపు జి.ఎస్.టి. వార్షిక రిటర్నుకు డిసెంబరు 31 గడువు. అది ఎలాంటి రిటర్నో పని చేసినవారికి తెలుసు, మొదటి ఏడాది లెక్కలు ఏ రెండూ కలిసేవి కావు. ఆ సీటు ఆమెది. ఆమె చీటీ పెట్టినప్పుడు నేను ‘చూద్దాం అమ్మా’ అన్నాను. అన్నట్టు నాకు గుర్తు కూడా లేదు, తరువాత ఆమె చెబితే తెలిసింది. పరీక్షకు రెండు రోజుల ముందు, ‘నువ్వు వెళితే నైన్, నైన్‌సీ ఎవరు చేస్తారు’ అని అడిగాను. అవి ఆ వార్షిక రిటర్ను, దాని లెక్కల సరిపోలిక ఫారాలు. ఆమె ఏమీ అనకుండా సీటు దగ్గరికి వెళ్లిపోయింది. డిసెంబరు 18న జి.ఎస్.టి. కౌన్సిల్ సమావేశమై ఆ గడువును జనవరి 31 దాకా పొడిగించింది. అప్పటికి ఆమె రాయవలసిన పేపర్లు దాదాపు అన్నీ జరిగిపోయాయి. ఆ నైన్‌సీ ఫారం మీద అప్పట్లో సంతకం చేయవలసింది ఎవరో మీకు తెలుసు కదా. చార్టర్డ్ అకౌంటెంటు గానీ, కాస్ట్ అకౌంటెంటు గానీ. కాస్ట్ అకౌంటెంటు సంతకం పెట్టగలిగే కాగితం కోసం, కాస్ట్ అకౌంటెంటు కాబోతున్న మనిషిని పరీక్షకు వెళ్లకుండా ఆపాను.

జూన్‌లో రాసుకుంటుందిలే అనుకున్నాను, నేను రాసుకున్నట్టే. 2020 జూన్ పరీక్షలు కోవిడ్ వల్ల జరగనే లేదు, వాటిని డిసెంబరుతో కలిపేశారు. నేను పోగొట్టింది ఆరు నెలలు అనుకుంటే ఏడాది దాటిపోయింది. ఈలోగా ఆమెకు పెళ్లయింది, ఊరు మారింది, ఉద్యోగం మారింది. ఒక గ్రూపు ఇంకా అలాగే ఉంది. ఈ సభలో ఈ సంగతి చెప్పవచ్చా అని పోయిన వారం ఫోన్ చేసి అడిగాను. ‘చెప్పండి సార్, పేరు మాత్రం వద్దు, మా అత్తగారి వాళ్లు కూడా యూట్యూబ్ చూస్తారు’ అని నవ్వింది. ఆ నవ్వుకు ముందు కాసేపు మాట లేదు.

అందుకని ఇప్పుడు మా ఆఫీసులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. పరీక్ష సెలవు చీటీ వచ్చిన వారంలోగా దాని మీద అవుననో కాదనో రాసి, తేదీ వేసి తిరిగి ఇస్తాను. ప్రతి సీటు పని ఇంకొకరికి తెలిసి ఉండాలి, తెలుసో లేదో నెలకు ఒకసారి సీట్లు మార్చి చూస్తాను. ఈ డిసెంబరుకు రెండు చీటీలు వచ్చాయి. చిక్కేమిటంటే ఆ ఇద్దరూ ఒకరి సీటు ఒకరు చూసేవాళ్లు, పరీక్షలు ఒకే వారంలో. మూడో మనిషి లేడు. నిన్న సాయంత్రం రెండు చీటీల మీదా సంతకం పెట్టి ఇచ్చాను, ఆ వారం రోజులూ ఆ సీట్లలో నేను కూర్చుంటాను. టాలీలో వోచరు ఎక్కించి నాకు ఏడెనిమిదేళ్లయింది, బ్యాంకు రికన్సిలియేషన్ ఇప్పుడు ఎక్కడ నొక్కితే వస్తుందో కూడా తెలియదు. రేపు పొద్దున తొమ్మిదింటికి వాళ్లిద్దరూ నాకు నేర్పడం మొదలుపెడతామన్నారు. సాయంత్రం బస్సు అందుకోవాలి కాబట్టి, ఇక నాకూ సెలవు ఇప్పించండి.