ఆ ఖాళీ లేన్ కూడా చూపించండి

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జయంతి, జనవరి 12న, భీమవరంలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు, పరిశోధకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, మొక్క ఇచ్చారు, నా గురించి నాకే తెలియని గొప్పలు రెండు మూడు చెప్పారు. సంతోషం. ఇవాళ వివేకానందుల జయంతి కూడా కాబట్టి ఇదే హాల్లో తర్వాత యువజన దినోత్సవం సభ ఉందట. నాకు గంట అన్నవాళ్ళు ఇప్పుడు నలభై నిమిషాలంటున్నారు. పైగా పండగ ముందు రోజులు, మీలో సగం మంది మనసు ఇప్పటికే బస్టాండులో ఉంది. మర్యాదలు ఇక్కడితో ఆపేస్తాను.

ఏటా ఈ రోజున సుబ్బారావు గారి ఫోటోకి దండ వేస్తాం. ఫోలిక్ యాసిడ్ అంటాం, మెథోట్రెక్సేట్ అంటాం, నోబెల్ రాలేదని బాధపడతాం, టిఫిన్ చేసి ఇళ్ళకు పోతాం. ఈ ఊళ్ళో పుట్టిన మనిషి కాబట్టి ఆ మాత్రం హక్కు మనకుంది. కానీ మందుల కంటే ముందు నాకు ఆయన 1925 నాటి పేపరు ఇష్టం. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రాసింది. రక్తంలోనో మూత్రంలోనో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి. మాలిబ్డేట్ కలిపి రెడ్యూస్ చేస్తే నీలం రంగు వస్తుంది, రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత. మీరంతా ప్రాక్టికల్ రికార్డులో రాసుకున్న ఫిస్కే-సుబ్బారావు మెథడ్ అదే. ఆ కొలత చేతికొచ్చాకే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణానికి శక్తినిచ్చే ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుక్కున్నాడనుకోండి, అది వేరే సంగతి. వీళ్ళు ముందు కొలత సరిచూసుకున్నారు, కథ తర్వాత చెప్పారు. ఇవాళ నేను మాట్లాడబోయే ఫాస్ఫేట్ కూడా ఆ ఏటీపీ నుంచి ఊడి వచ్చిందే.

వచ్చి అతుక్కునేది పి53 అనే ప్రొటీన్ మీద. దీని పేరులోనే కొలత తేడా ఉంది. 1979లో లండన్‌లో డేవిడ్ లేన్, లయొనెల్ క్రాఫర్డ్; ప్రిన్స్‌టన్‌లో ఆర్నాల్డ్ లెవిన్; న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందాలు ఇంచుమించు ఒకేసారి దీన్ని చూశాయి. మొదటి రెండు చోట్ల ఎస్‌వి40 వైరస్ పట్టిన కణాల్లో వైరస్ ప్రొటీన్‌ను యాంటీబాడీతో బయటికి లాగితే, దాన్ని పట్టుకుని కణం సొంత ప్రొటీన్ ఇంకొకటి వచ్చింది. జెల్ (ప్రొటీన్లను బరువును బట్టి విడదీసే పలక) మీద బరువు 53 వేల డాల్టన్ల దగ్గర కనబడింది, ఆ పేరే పెట్టారు. అసలు బరువు 43,700 మాత్రమే. ప్రోలీన్లు ఎక్కువున్న భాగం వల్ల జెల్‌లో మెల్లగా నడుస్తుంది.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి జరిగింది. దాదాపు పదేళ్ళ పాటు దీన్ని క్యాన్సర్ తెచ్చే జన్యువనుకున్నారు. కారణం తెలుసా? ల్యాబుల్లో చేతులు మారిన క్లోన్లు, అంటే జన్యువు కాపీలు, కణితి కణాల నుంచి తీసినవి. వాటిలో మ్యుటేషన్లున్నాయి. చెడిపోయిన ప్రతిని పట్టుకుని అసలుది ఇలాగే ఉంటుందనుకున్నారు. 1989లో బెర్ట్ వోగెల్‌స్టైన్ బృందం, లెవిన్ బృందం సరైన పి53ని పరీక్షించాక గానీ ఇది కణితిని అణిచేదని తేలలేదు. 1992లో లేన్ దీన్ని జీనోమ్‌కు కాపలాదారు అన్నాడు. మనుషుల క్యాన్సర్లలో సుమారు సగం వాటిలో ఈ జన్యువు చెడి ఉంటుంది. వాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కాదు బాబూ. చేతిలో ఉన్న రియేజెంట్ ఏమిటో తెలియకపోతే ఎంతటివాళ్ళకైనా అంతే.

సరే, ఫాస్ఫేట్ దగ్గరికొద్దాం. మామూలు రోజుల్లో ఎండీఎం2 అనే ప్రొటీన్ పి53ని పట్టుకుని ముక్కలు చేయించేస్తుంది. అందుకే కణంలో పి53 చాలా తక్కువ, పుట్టిన నిమిషాల్లోనే పోతుంది. రేడియేషన్ తగిలి డీఎన్ఏ తెగిందనుకోండి, ఏటీఎం అనే కైనేజ్ (ఫాస్ఫేట్ అతికించే ఎంజైము) వచ్చి పి53 మొదట్లో 15వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లం మీద ఫాస్ఫేట్ పెడుతుంది. అల్ట్రావయొలెట్ దెబ్బకైతే ముఖ్యంగా ఏటీఆర్ అనే ఇంకో కైనేజ్. అలాగే సెరీన్ 20 మీద సీహెచ్‌కే2, సెరీన్ 46 మీద హెచ్ఐపీకే2. ఈ 46 మీద ఫాస్ఫేట్ పడితే కణం చావు వైపు మొగ్గుతుంది. మొత్తం 393 అమైనో ఆమ్లాల గొలుసులో ఇలాంటి చోట్లు చాలా ఉన్నాయి.

ఒక ఫాస్ఫేట్ చేరితే పెరిగే బరువు 80 డాల్టన్లు. 43,700 మీద 80. మన రైస్ మిల్లులో 75 కిలోల బస్తా మీద రెండు గుప్పెళ్ళ బియ్యం పోసి కాటా పెట్టినట్టుంటుంది. మామూలు జెల్ మీద ఆ తేడా తెలియదు. పూర్వం రేడియోయాక్టివ్ ఫాస్ఫరస్ పోసి, ప్రొటీన్‌ను ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి, మ్యాపులు గీసి చూసేవారు. ఫాస్ఫేట్ ఉన్న చోటునే పట్టుకునే ఫాస్ఫో యాంటీబాడీలు వచ్చాక ఆ బాధ తప్పింది. 1997లో కొలంబియాలో కరోల్ ప్రైవ్స్ బృందం, టోక్యో నుంచి యోయిచి తయా కలిసి, డీఎన్ఏ దెబ్బతింటే సెరీన్ 15 మీద ఫాస్ఫేట్ పడుతుందని, దాంతో ఎండీఎం2 పట్టు సడలుతుందని అలాంటి యాంటీబాడీ సాయంతోనే చూపించారు. మరుసటేడు ఆ పని చేసేది ఏటీఎం అని రెండు బృందాలు చెప్పాయి.

ఈ యాంటీబాడీ ఎలా తయారవుతుంది? సెరీన్ 15 చుట్టూ ఉన్న పది పదిహేను అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను ఫాస్ఫేట్‌తో సహా తయారు చేస్తారు. ఒక పెద్ద ప్రొటీన్‌కి అతికించి కుందేలుకి ఎక్కిస్తారు. కుందేలు రకరకాల యాంటీబాడీలు తయారు చేస్తుంది, కొన్నిటికి ఫాస్ఫేట్ ఉన్నా లేకపోయినా ఒకటే. అందుకని సీరంని ముందు ఫాస్ఫేట్ లేని పెప్టైడ్ కాలమ్ మీద పోస్తారు, ఆ తేడా పట్టనివన్నీ అక్కడ ఆగిపోతాయి. కిందికి దిగినదాన్ని ఫాస్ఫేట్ ఉన్న పెప్టైడ్ కాలమ్ మీద పోస్తే మనకు కావాల్సినవి పట్టుకుంటాయి. ఈ రెండు కాలమ్‌లలో మొదటిదాన్ని నిర్లక్ష్యం చేసిన సీసా మీద కూడా లేబుల్ అదే ఉంటుంది, ధరా అంతే ఉంటుంది. మీరు కొనేది వంద మైక్రోలీటర్లు, పిచ్చుక కన్నీళ్ళంత. మా రోజుల్లో ఒక డిస్ట్రిబ్యూటర్ పంపిన పెట్టె దసరా సెలవుల్లో కార్గోలో పడి ఉండి, డ్రై ఐస్ అంతా ఆవిరైపోయాక వచ్చింది. సంతకం పెట్టి తీసుకోండి, పని చేస్తుంది సార్ అన్నాడు కుర్రాడు. పని చేస్తుందో లేదో వాడికెలా తెలుసు?

దారి తప్పుతున్నాను. నేను అసలు చెప్పాలని వచ్చింది ఒక వైవా గురించి. ఎక్కడన్నది అడక్కండి.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్ళాను. ఏదో ఆకు రసం, ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలు. మన దేశంలో తులసి దగ్గర్నుంచి కాకరకాయ దాకా ఎంసీఎఫ్-7 మీద పొయ్యని రసం లేదు, నేను తప్పు పట్టట్లేదు, ఆ కణాల్లో పి53 బాగానే ఉంటుంది కాబట్టి ఎంపిక మంచిదే. కొందరు హీలా అనే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాల్లో ఇదే ప్రయోగం చేస్తారు. వాటిలో పాపిలోమా వైరస్ ఈ6 ప్రొటీన్ పి53ని ఎప్పటికప్పుడు కరిగించేస్తుంటుంది, ఇంక చూసేదేముంది? థీసిస్ రాసిన అమ్మాయి బ్లాట్ స్లైడ్ వేసింది, అంటే జెల్ మీది ప్రొటీన్లను ఒక పొర (మెంబ్రేన్) మీదికి దించి యాంటీబాడీతో చూపే బొమ్మ; నిలువు వరసలు లేన్లు, నల్ల గీతలు బ్యాండ్లు. పైన సెరీన్ 15 ఫాస్ఫో బ్యాండ్, మందు పెరిగేకొద్దీ కాటుక దిద్దినట్టు నల్లగా పెరుగుతోంది. కింద బీటా యాక్టిన్ (కణాల్లో ఇంచుమించు ఒకే మోతాదులో ఉండే ప్రొటీన్), అన్ని లేన్లలో సమానంగా ఉంది. రసం వల్ల సెరీన్ 15 ఫాస్ఫోరిలేషన్ పెరిగిందని ముగింపు.

టోటల్ పి53, అంటే ఫాస్ఫేట్ ఉన్నదీ లేనిదీ కలిపి మొత్తం, ఏదమ్మా అని అడిగాను. గైడ్ గారు అందుకుని, యాక్టిన్ ఉంది కదండీ అన్నారు.

యాక్టిన్ ఏం చెబుతుంది? ప్రతి లేన్లో సరుకు సమానంగా పోశారని చెబుతుంది, అంతే. పి53 మొత్తమే పది రెట్లు పెరిగితే, దాని మీద మామూలుగా ఉండే కొద్దిపాటి ఫాస్ఫేట్ బ్యాండు కూడా పది రెట్లు పెరుగుతుంది. అప్పుడు పెరిగింది ఫాస్ఫోరిలేషన్ కాదు, ప్రొటీన్. దేనికి దేని నిష్పత్తి చూడాలో తెలియకుండా బ్యాండ్ ఎంత నల్లగా ఉంటే ఏం లాభం?

ఆ అమ్మాయి తల వంచుకుని ఒక్క నిమిషం ఆగి, బ్యాగులోంచి రికార్డు తీసింది. వెనక అట్ట లోపల ప్లాస్టిక్ కవర్లో ఎక్స్‌రే ఫిల్మ్. టోటల్ పి53. అదే మెంబ్రేన్‌ని స్ట్రిప్ చేసి, అంటే పాత యాంటీబాడీని కడిగేసి, మళ్ళీ చేసింది. నాలుగు లేన్లు, నాలుగూ ఫాస్ఫో బ్యాండ్‌లాగే పెరుగుతున్నాయి. అంటే రసం చేసింది పి53ని నిలబెట్టడం. అదీ మంచి సంగతే, థీసిస్‌కి చాలినంత సంగతే. కానీ "కథ గజిబిజి అవుతుంది" అని తీసెయ్యమన్నారట. పిల్ల ప్రయోగం సరిగ్గానే చేసింది. చూపించనివ్వలేదు. చెప్పండి, ఈ హాల్లో ఎంతమంది రికార్డుల వెనక అట్టల్లో ఇలాంటి ఫిల్ములున్నాయి? నవ్వకండి, చేతులెత్తక్కర్లేదు.

ఇలాంటి చోట మంచి కంట్రోల్, అంటే సరిచూసే ప్రయోగం, ఒకటుంది. 2004లో నట్లిన్ అనే చిన్న అణువు వచ్చింది. అది ఎండీఎం2లో పి53 పట్టే గుంతలో కూర్చుంటుంది. పి53 పేరుకుపోతుంది, డీఎన్ఏ తెగదు, సెరీన్ 15 మీద ఫాస్ఫేట్ పెద్దగా పడదు. ఒక లేన్లో డీఎన్ఏని తెంచే ఎటోపొసైడ్, పక్క లేన్లో నట్లిన్ పెట్టండి. రెండిట్లోనూ టోటల్ పెరగాలి, ఫాస్ఫో మాత్రం మొదటిదాంట్లోనే గట్టిగా రావాలి. మీ యాంటీబాడీ రెండిట్లోనూ ఒకేలా వెలిగిందా, సీసా పక్కన పెట్టెయ్యండి. పి53 అసలు లేని హెచ్1299 కణాలు ఒక లేన్లో వెయ్యండి, అక్కడ 53 దగ్గర ఏ బ్యాండూ రాకూడదు, అదే ఖాళీ లేన్. ఏటీఎం, ఏటీఆర్‌లు సెరీన్ పక్కన గ్లుటమీన్ ఉన్న చోటు వెతుక్కుంటాయి. 2007లో స్టీఫెన్ ఎలెజ్ బృందం లెక్క చూస్తే, డీఎన్ఏ దెబ్బకి అవి తాకే ప్రొటీన్లు 700 పైన తేలాయి. మీ కుందేలు యాంటీబాడీ వాటిలో దేన్ని పట్టుకుందో ఖాళీ లేన్ లేకుండా ఎలా చెబుతారు?

టోటల్ అని లేబుల్ ఉంటే చాలని కూడా అనుకోకండి. అందరూ వాడే డీఓ-1 యాంటీబాడీ పట్టుకునేది 20 నుంచి 25 వరకున్న ముక్కని. సెరీన్ 20 మీద ఫాస్ఫేట్ పడితే దాని పట్టు పోతుంది. అంటే ఫాస్ఫోరిలేషన్ పెరిగిన చోట టోటల్ తగ్గినట్టు కనబడి, మీ నిష్పత్తి ఆకాశానికెళుతుంది. అటు చివర పట్టే పీఏబీ421 యాంటీబాడీది కూడా ఇలాంటి గోలే, సెరీన్ 378 దగ్గర. ఈ పనికి పాలీక్లోనల్ (ప్రొటీన్‌లో పలు చోట్ల పట్టే యాంటీబాడీల మిశ్రమం) వాడండి, లేదా ఎపిటోప్ (యాంటీబాడీ పట్టే చోటు) వేరేచోట ఉన్నది తెచ్చుకోండి. డేటాషీట్‌లో ఎపిటోప్ రాస్తారు, మనం ధర చూసి మూసేస్తాం.

గంట కొట్టారు. సెరీన్ 46 స్లైడ్లు వదిలేస్తున్నాను. బెంచి దగ్గరి మాట ఒక్కటి చెప్పాలి, ఇది ఎవరూ చెప్పరు.

కణాల్ని మంచు మీద గీకే ముందే బఫర్లో ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు (ఫాస్ఫేట్ ఊడగొట్టే ఎంజైములను ఆపేవి) ఉండాలి, తర్వాత కలిపితే అప్పటికే కొంత ఫాస్ఫేట్ పోయుంటుంది. సోడియం ఆర్థోవనడేట్‌ని పసుపు రంగు పోయి నీళ్ళలా అయ్యేదాకా మరిగించి, పీహెచ్ 10కి తెచ్చి, మళ్ళీ మరిగించి, ఎంతో శ్రద్ధగా చేస్తారు. సంతోషం. కానీ అది ముఖ్యంగా టైరోసిన్ ఫాస్ఫటేజ్‌ల మీద పని చేస్తుంది. మనది సెరీన్. మనకు కావాల్సినవి సోడియం ఫ్లోరైడ్, బీటా గ్లిసరోఫాస్ఫేట్. బ్లాకింగ్‌కి (మెంబ్రేన్ మీద ఖాళీ చోట్లు కప్పడానికి) పాలపొడి బదులు బీఎస్ఏ అనే ప్రొటీన్ వాడండి, పాలలోని కేసీన్ కూడా ఫాస్ఫేట్లు మోసే ప్రొటీనే. ఆఖరుకి మెంబ్రేన్‌ని సగానికి కోసి ఒక ముక్కని లామ్డా ఫాస్ఫటేజ్‌లో ఉంచండి. ఫాస్ఫో బ్యాండ్ మాయమవాలి, టోటల్ నిలవాలి. ఒక్క సాయంత్రం పని.

ఇంత చేసి బ్యాండ్ వచ్చినా, ఆ ఫాస్ఫేటే అన్నీ చేస్తోందని రాయకండి. మన సెరీన్ 15 చుంచెలుకలో సెరీన్ 18. 2003లో దాన్ని ఫాస్ఫేట్ పట్టని అలనీన్‌గా మార్చిన చుంచెలుకల్ని పెంచారు. పి53 పూర్తిగా లేనివి ఆరు నెలలకే కణితులతో పోతుంటే, ఇవి అలా పోలేదు. ఒక చోటు పోతే మిగతా చోట్లు పని నడిపిస్తాయన్నమాట. బ్యాండ్ గుర్తు మాత్రమే, కారణమని చెప్పాలంటే వేరే ప్రయోగం చెయ్యాలి.

ఇప్పుడు గైడ్‌లకి ఒక మనవి. 2016లో ఎలిజబెత్ బిక్, మరిద్దరు కలిసి 20,621 పేపర్లు తిరగేస్తే 3.8 శాతంలో బొమ్మలు అనుమానాస్పదంగా ఉన్నాయి. అంతా మోసం అనట్లేదు, వాళ్ళూ అనలేదు. కానీ సన్నగా కత్తిరించిన బ్లాట్ ముక్క ఎక్కడిదైనా కావచ్చు. మీ డిపార్ట్‌మెంట్ మీటింగులో ఒక్క వాక్యం రాసుకోండి: థీసిస్ చివర కత్తిరించని బ్లాట్లన్నీ, మార్కర్ లేన్‌తో సహా పెట్టాలి. దీనికి యూజీసీ సర్క్యులర్ అక్కర్లేదు, గ్రాంటూ అక్కర్లేదు. గ్రాంటు అడిగేటప్పుడు మాత్రం ఫాస్ఫో యాంటీబాడీ పక్కన టోటల్ యాంటీబాడీని కూడా రాయండి. రెండోది ఖర్చు అని కొట్టేస్తే మొదటిదీ వద్దనండి. ప్రిన్సిపాల్ గారూ, మీరు నా వైపు చూడట్లేదు గానీ ఇది మీకే.

మళ్ళీ గంట. ప్రశ్నలకి టైము లేదంటున్నారు, నేను బయట వరండాలో ఉంటాను. బ్లాట్లున్నవాళ్ళు ఫిల్ములే తీసుకురండి, ఫోన్లో ఫోటోలు వద్దు. అట్ట వెనకవి ముందు చూస్తాను.