కలరా మంచం దగ్గర కలిసిన మూడు శాస్త్రాలు

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఇంజనీరింగ్ వాళ్లున్నారు, కణజీవశాస్త్రం ల్యాబుల్లో పనిచేసేవాళ్లున్నారు, ప్రజారోగ్యం వైపు వచ్చిన డాక్టర్లూ ఉన్నారు. ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడమంటే ఎవరైనా 'ఇంటర్ డిసిప్లినరీ' అనే మాటతోనే మొదలుపెడతారు. ఆ మాట వినీ వినీ మీకు విసుగొచ్చి ఉంటుంది. నాకైతే వచ్చింది. అందుకని ఒక మంచంతో మొదలుపెడతాను.

మామూలు మడత మంచమే. మీద కడగడానికి వీలుగా ప్లాస్టిక్ షీటు పరిచి ఉంటుంది. రోగి నడుము కింది భాగం వచ్చే చోట షీటుకి గుండ్రంగా రంధ్రం, ఆ రంధ్రం కింద ఒక బకెట్టు. దీన్ని కలరా కాట్ అంటారు. రేమండ్ వాటెన్ అనే నౌకాదళ డాక్టరు పేరు మీద వాటెన్ కాట్ అని కూడా అంటారు. కలరా తీవ్రంగా వచ్చిన మనిషి ఒంట్లోంచి గంటకి లీటరు దాకా నీళ్లు పోవచ్చు. చికిత్స అందకపోతే పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి ఉండకపోవచ్చు. బకెట్టులో ఎంత పడిందో నర్సు కొలుస్తుంది. ఎంత పోయిందో అంత తిరిగి పోయాలి. మంచం ఉన్నది ఆ లెక్క కోసమే.

చూడ్డానికి ఇబ్బందిగా ఉండే ఈ వస్తువు వైద్యచరిత్రలో పెద్ద పెద్ద యంత్రాలకంటే ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం. ఎందుకంటే మూడు రంగాల వాళ్లూ ఒకరికొకరు అందించుకోగలిగిన అంకె దాంట్లోంచి వచ్చింది. వేర్వేరు శాస్త్రాలు కలిసి పనిచేయాలంటే ఒకరి సిద్ధాంతాలు ఇంకొకరు నేర్చుకోవాలని అంటుంటారు. నేర్చుకుంటే మంచిదే. కానీ ఒకరు కొలిచింది ఇంకొకరు వాడుకోగలిగితే పని ముందుకు కదులుతుంది. కలరా చరిత్ర మొత్తంలో నాకు కనిపించేది ఇదే. ఇవాళ చెప్పాలనుకున్నదీ ఇదే.

జాన్ స్నో సంగతి మీలో చాలామందికి తెలుసు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా ఆ పంపు నీళ్ల వల్లే వస్తోందని దాని పిడి తీయించిన డాక్టరు. అందరూ పంపు కథే చెబుతారు గానీ, ఆయన చేసిన అసలైన పని వేరే ఉంది. దక్షిణ లండన్‌లో రెండు నీటి కంపెనీలు ఒకే వీధుల్లో పక్కపక్క ఇళ్లకి నీళ్లిచ్చేవి. వాటిలో లాంబెత్ కంపెనీ 1852లో నీళ్లు తోడే చోటుని థేమ్స్ నదికి ఎగువన, మురుగు కలవని చోటికి మార్చుకుంది. సదర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మార్చుకోలేదు. స్నో ఇంటింటికీ తిరిగి ఏ ఇంటికి ఎవరి నీళ్లో కనుక్కున్నాడు. తర్వాత చావులు లెక్కపెట్టాడు. మురుగు కలిసిన నీళ్లు తాగిన ప్రతి 10,000 ఇళ్లకి 315 చావులు. లాంబెత్ నీళ్లు తాగిన ప్రతి 10,000 ఇళ్లకి 37. పైపు ఎక్కడ పెట్టాలన్న ఒక ఇంజనీరింగ్ నిర్ణయం ఎన్ని ప్రాణాలతో సమానమో అలా అంకెల్లో తేలింది.

అయినా అప్పట్లో చాలామంది నమ్మలేదు. రోగం దుర్వాసన వల్ల వస్తుందనే అనుకున్నారు. 1858 వేసవిలో థేమ్స్ కంపు పార్లమెంటు కిటికీల దాకా వచ్చేసరికి డబ్బు మంజూరైంది. ఇంజనీరు జోసెఫ్ బాజల్‌జెట్ భూగర్భ మురుగు కాలువలు కట్టాడు. కంపు పోగొట్టాలని కట్టారు, కలరా పోయింది. కారణం తప్పు, కాలువ రైటు. 1866లో లండన్‌లో చివరిసారి కలరా విజృంభించింది కూడా కాలువల పని ఇంకా పూర్తికాని తూర్పు భాగంలోనే. జీవశాస్త్రం పూర్తిగా తెలిసేదాకా ఆగాలని ఇంజనీర్లు పట్టుబట్టకపోవడం మంచిదైంది.

ఇక కణం దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది.

కలరాలో పేగు లోపలి పొర ఊడిపోతుందని చాలాకాలం నమ్మారు. చనిపోయినవాళ్ల పేగుల్ని చూసి అలా అనుకున్నారు. పొరే లేకపోతే నోటి ద్వారా ఇచ్చిన నీళ్లు ఒంటికి పట్టవు కదా, కాబట్టి నరంలోకి సెలైన్ ఎక్కించడమే దారి అని తేల్చేశారు. బతికున్న రోగి పేగు ఎలా ఉంటుందో చూడాలంటే పరికరం కావాలి. అది క్రాస్బీ క్యాప్సూల్. మాత్రంత ఉండే ఒక లోహపు గుళిక, దానికి సన్నటి గొట్టం, లోపల స్ప్రింగుతో కదిలే చిన్న కత్తి. రోగి దాన్ని మింగుతాడు. పేగులోకి దిగాక గొట్టంలో గాలి పీలిస్తే పేగు పొర కొంచెం గుళిక రంధ్రంలోకి వస్తుంది, కత్తి ఆ ముక్కని కోస్తుంది. బ్యాంకాక్‌లో కలరా రోగుల మీద దీన్ని వాడి, పొర చెక్కుచెదరలేదని యూజీన్ గాంగరోసా బృందం 1960లో ప్రచురించింది. ఊడిపోవడం చనిపోయాక జరిగే మార్పు. ఒక స్ప్రింగు, ఒక గొట్టం కలిసి దశాబ్దాల నమ్మకాన్ని పడగొట్టాయి.

మరి పొర బాగానే ఉంటే నీళ్లెందుకు పోతున్నాయి? దానికి జవాబు అంతకు ముందే, 1959లో, కలకత్తాలో శంభునాథ్ డే అనే పాథాలజిస్టు ఇచ్చారు. అప్పటిదాకా విషం కోసం వెతికినవాళ్లు దాన్ని జంతువుల రక్తంలోకి ఎక్కించి చూస్తుండేవాళ్లు. డే కుందేలు పేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, ఆ మధ్యలోకే ఎక్కించారు. బాక్టీరియాని పూర్తిగా వడగట్టేసిన ద్రవం పోసినా ఆ పేగు ముక్క నీళ్లతో ఉబ్బింది. అంటే పని చేసేది సూక్ష్మజీవి కాదు, అది వదిలిన విషం. ఇంత పెద్ద ఫలితానికి ఆయన జీవితకాలంలో దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ విషం ఏం చేస్తుందో తర్వాత తెలిసింది. పేగు కణం పైన జీఎం1 అనే అణువుని పట్టుకుని లోపలికి వెళ్తుంది. లోపల సంకేతాలు అందించే ఒక జి-ప్రొటీన్‌కి రసాయన ముద్ర వేసి, అది ఆగకుండా పనిచేసేలా చేస్తుంది. దాంతో కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగిపోతుంది. అప్పుడు సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ చానెల్ తెరుచుకుంటుంది, పిడి విరిగిన కుళాయిలాగా. క్లోరైడ్ బయటికి పోతుంది, దాని వెంట సోడియం, దాని వెంట నీళ్లు.

అయితే విషం ముట్టుకోని దారి ఒకటి మిగిలిపోయింది. 1960 ఆగస్టులో ప్రాగ్‌లో జరిగిన ఒక సమావేశంలో రాబర్ట్ క్రేన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఒక ప్రతిపాదన చేశాడు. గ్లూకోజు ఒంటరిగా పేగు కణంలోకి రాదు, సోడియంతో జంటగా వస్తుంది అని. ఆ జంటని మోసే ప్రొటీన్‌నే ఇప్పుడు ఎస్‌జీఎల్‌టీ1 అంటున్నాం. ఒక గ్లూకోజుకి రెండు సోడియం అయాన్లు. ఉప్పు, చక్కెర కలిసి లోపలికొస్తే నీళ్లూ వస్తాయి. కలరాలో ఈ ప్రొటీన్‌కి ఏమీ కాదు. ఒకవైపు నీళ్లు పోతూనే ఉంటాయి, ఇంకోవైపు నుంచి మనం లోపలికి తేగలం. క్రేన్ కలరా గురించి ఆలోచించి చేసిన పని కాదిది. చక్కెర ఎలా పీల్చుకుంటామన్నదే ఆయన ప్రశ్న.

ఇంకో మాట, పక్కదారే అనుకోండి. ఇదే కుటుంబంలోని ఎస్‌జీఎల్‌టీ2 కిడ్నీలో ఉంటుంది. దాన్ని అడ్డుకునే మాత్రలే ఇవాళ షుగరు రోగులకి రాస్తున్నారు. ప్రాథమిక పరిశోధనకి డబ్బెందుకు అని అడిగేవాళ్లకి చెప్పడానికి పనికొస్తుంది.

ఇప్పుడు మళ్లీ మంచం దగ్గరికి. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ అనే యువ డాక్టర్లు, అక్కడి సహచరులతో కలిసి 29 మంది రోగుల మీద జరిపిన అధ్యయనాన్ని వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రచురించారు. గ్లూకోజు, ఉప్పులు కలిపిన నీళ్లు తాగిస్తే సెలైన్ అవసరం దాదాపు 80 శాతం తగ్గింది. నోటి ద్వారా నీళ్లివ్వడం అంతకుముందు వేరేవాళ్లూ చేశారు. వీళ్ల తేడా అంతా బకెట్టులోనే ఉంది. పోయినంత కొలిచి, అంతకు అంత తాగించారు. ద్రావణం సరైనదైనా, చాలినంత ఇవ్వకపోతే రోగి బతకడు.

ఆసుపత్రి వార్డులో కుదిరింది సరే, నర్సులు, మంచాలు లేనిచోట ఎలా? 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కి వచ్చారు. అక్కడ సరిహద్దు దగ్గరి ఊరు బన్గావ్‌లో చిన్న ఆసుపత్రి. రోగులు నేల మీద పడి ఉన్నారు. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఒక తెగువ చేశారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంట సోడా. ఈ లెక్కన పొడులు తూచి పాలిథీన్ సంచుల్లో పోయించి, వేడి ఇస్త్రీతో అంచులు అతికించారు. కుళాయి ఉన్న డ్రమ్ముల్లో కలిపి ఉంచారు. కప్పులతో తాగించింది ఎక్కువగా రోగుల తల్లులు, అన్నదమ్ములు, బంధువులే. చావులు సుమారు 30 శాతం నుంచి 3.6 శాతానికి దిగాయి. డాక్టరు చేతిలోంచి చికిత్స ఇంటివాళ్ల చేతికి వెళ్లింది. నా దృష్టిలో అదే అసలు మలుపు.

అక్కణ్ణుంచి ఇంజనీర్ల వంతు. ఎవరూ పెద్దగా చెప్పుకోని ఒక సమస్య: ప్యాకెట్. వేడి, తేమ ఉన్నచోట గ్లూకోజు, సోడా కలిసి గడ్డకట్టి రంగు మారిపోయేవి. 1984లో సోడా బదులు ట్రైసోడియం సిట్రేట్ అనే లవణం వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ప్యాకెట్ ఎక్కువకాలం నిల్వ ఉంది, చవక ప్యాకింగు సరిపోయింది. 2002లో మిశ్రమం గాఢతని లీటరుకి 311 నుంచి 245 మిల్లీ ఆస్మోల్స్‌కి తగ్గించారు. చక్కెర మరీ ఎక్కువైతే అదే పేగులోకి నీళ్లని లాగుతుంది కాబట్టి. 'కొంచెం ఎక్కువ వేస్తే బలం' అనే మన అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

ప్యాకెట్ కూడా అందని ఇళ్ల సంగతి? బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు కోటికి పైగా ఇళ్లకి మనుషుల్ని పంపి తల్లులకి నేర్పింది. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు. మిల్లీమోళ్లనే ల్యాబు కొలతలు వేళ్ల లెక్కలోకి దిగాయి. అంతటితో వదిలేయలేదు. తల్లులు కలిపిన నీళ్లని ల్యాబుకి తీసుకెళ్లి ఉప్పు ఎంతుందో పరీక్షించారు. నేర్పినామె జీతం కూడా తల్లులకి ఎంత గుర్తుందన్నదాన్నిబట్టి ఉండేది. ఎంతమందికి చెప్పాం అని లెక్కేసుకునే ప్రాజెక్టులు బోలెడు. వాళ్లకి ఎంత వచ్చింది అని కొలిచేవి చాలా తక్కువ.

నీళ్ల వైపు కూడా ఇలాంటిదే జరిగింది. కలరా బాక్టీరియా నీళ్లలోని కోపిపాడ్‌ల వంటి సూక్ష్మ జీవుల్ని అంటుకుని బతుకుతుందని రీటా కోల్వెల్ బృందం చూపింది. బాక్టీరియాని వడగట్టడం కష్టం గానీ, దాన్ని మోసే జీవిని వడగట్టొచ్చు. పాత నూలు చీరని నాలుగు మడతలు వేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టారు. ఉతికి ఉతికి దారాలు విచ్చుకున్నాయి కాబట్టి సందులు సుమారు 20 మైక్రాన్లకి ఇరుకయ్యాయి. కొత్త చీరకంటే పాతదే నయం. బంగ్లాదేశ్‌లోని 65 ఊళ్లలో పరీక్షించి 2003లో ప్రచురించారు. కలరా కేసులు 48 శాతం తగ్గాయి.

ఇప్పుడు పేగు కణాల్ని చిప్ మీద పెంచుతున్నారు. డొనాల్డ్ ఇంగ్‌బర్ బృందం 2012లో చేసిన చిప్‌లో పేగులాగే సాగి ముడుచుకునే పొర ఉంది, దాని మీదుగా ద్రవం పారుతుంది. మూలకణాల నుంచి బుల్లి పేగుల్ని పెంచే ఆర్గనాయిడ్ పద్ధతి 2009లో హాన్స్ క్లీవర్స్ ల్యాబు నుంచి వచ్చింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యురోగం ఉన్నవాళ్ల ఆర్గనాయిడ్‌కి ఫోర్స్కోలిన్ అనే రసాయనం ఇచ్చి సైక్లిక్ ఏఎంపీ పెంచి, ఎంత ఉబ్బుతుందో చూస్తారు. ఆ రోగంలో చెడిపోయేది సీఎఫ్‌టీఆరే, కాబట్టి సరిగా ఉబ్బదు. మందు పనిచేస్తే ఉబ్బుతుంది. డే కట్టిన కుందేలు పేగు ముక్కని గుర్తుకు తెచ్చే పరీక్ష, ఈసారి మంచికి.

ఇన్ని తెలిశాక, ఇంత చవక మందు చేతిలో ఉన్నాక, విరేచనాలతో బాధపడే పిల్లల్లో సగం మందికి కూడా ఓఆర్ఎస్, అంటే ఈ ఉప్పు-చక్కెర ద్రావణం, అందడం లేదు. ఎందుకు? 2024లో సైన్స్ పత్రికలో కర్ణాటక, బీహార్‌లలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 'మా రెండేళ్ల పిల్లవాడికి విరేచనాలు' అని చెప్పేలా శిక్షణ ఇచ్చిన మనుషుల్ని రెండు వేలకి పైగా ప్రైవేటు వైద్యుల దగ్గరికి పంపారు. కొందరు ఓఆర్ఎస్ కావాలన్నారు, కొందరు యాంటీబయాటిక్ కావాలన్నారు, కొందరు ఏమీ అనలేదు. కొన్ని చోట్ల ఓఆర్ఎస్ సరఫరా కూడా చేశారు. రాయకపోవడానికి స్టాకు లేకపోవడం కారణమైంది దాదాపు 6 శాతమే. 'రోగులకి ఓఆర్ఎస్ అంటే ఇష్టం ఉండదు' అన్న వైద్యుడి ఊహ దాదాపు 42 శాతానికి కారణం. అడిగిన వాళ్లకి మాత్రం ఎక్కువగానే ఇచ్చారు.

అంటే ఈసారి కొలవాల్సింది పేగులోనూ, పైపులోనూ లేదు. ఇద్దరు మనుషుల మధ్య బల్ల మీద ఉంది. దానికి మంచంలాంటి పరికరం ఏదో, ఎవరు తయారుచేయాలో నాకంటే మీలో ఎవరికైనా బాగా తట్టొచ్చు. ప్రశ్నలుంటే అడగండి. ముందు వరుసతోనే మొదలుపెట్టక్కర్లేదు.