సంచి ఇచ్చాం, ఇల్లు చూడలేదు

(పునీత విన్సెంట్ డి పాల్ పండుగ రోజు, గుంటూరు జిల్లాలోని ఒక కతోలిక విచారణలో, అంటే ఒక చర్చి పరిధిలో, దివ్యబలి పూజ తర్వాత చేసిన ప్రసంగం)

విచారణ గురువులకు, సిస్టర్లకు, ఉపదేశిగారికి, మరియ సేన అక్కలకు, లోపల చోటు లేక తలుపు దగ్గరే నిలబడిపోయిన పిల్లలకు వందనాలు. ఫాదర్‌గారు నాకు పది నిమిషాలిచ్చారు. ముప్పై నాలుగేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినవాడికి పది నిమిషాలంటే హాజరు పిలవడానికే చాలదు. అయినా చూద్దాం.

నన్ను మాట్లాడమన్న విషయం ‘మన విచారణలో సేవా సంఘాలు’. రాత్రి కూర్చుని కాగితం నిండా రాసుకొచ్చాను. మరియ సేన వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి జపమాల చెప్పిస్తున్నారు. నెలనెలా మొదటి శుక్రవారం మంచం పట్టినవాళ్ళకి దివ్యసత్ప్రసాదం అందుతోంది. మన కుర్రాళ్ళు రక్తం ఇస్తున్నారు. ఇవన్నీ మీకు తెలిసినవే, బయట బోర్డు మీద కూడా ఉన్నాయి. కాబట్టి ఈ కాగితం మడిచి జేబులో పెట్టేస్తున్నాను. ఒక ఫోటో గురించి చెప్పాలి.

పోయిన తపస్కాలంలో, అదే ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్లో, పేదల సాయానికి మనం నడుపుకునే విన్సెంట్ డి పాల్ కాన్ఫరెన్స్ అనే సంఘం తరఫున నలభై మందికి పది కేజీల బియ్యం సంచులు పంచాం. గుర్తుందా? గుడి ముందు బల్లలేశాం, వెనక ఫ్లెక్సీ కట్టాం. ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలిచి, సంచి చేతికిచ్చి, ‘ఇటు చూడమ్మా’ అని ఫోటో తీసి, సాయంత్రానికల్లా గ్రూపులో పెట్టేశాం. తీసినవాణ్ణీ పెట్టినవాణ్ణీ నేనే. ఇంకొకళ్ళనేమీ అనడం లేదు.

నాలుగో రోజు ఒక సంచి వెనక్కొచ్చింది. గుడి వరండాలో ఉంది. కుట్టు కూడా విప్పలేదు. తెచ్చిన ఆటో అబ్బాయిని అడిగితే, ఫలానా మామ్మ దింపి రమ్మందన్నాడు. ఆటోకి నలభై రూపాయలు తనే ఇచ్చుకుందట. ఆ నలభై రూపాయలు నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

ఏమైందంటే, ఫోటో చేతులు మారి మారి హైదరాబాద్‌లో తాపీ పని చేసుకునే ఆమె కొడుక్కి చేరింది. ‘నేను చచ్చాననుకున్నావా, రోడ్డు మీద చెయ్యి చాపావు?’ అని ఫోన్లో అరిచాడట. ఆమె చెయ్యి చాపలేదండీ. మనమే పిలిచాం.

క్షమాపణ చెప్పుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. మొదటిసారి తలుపు తియ్యలేదు. రెండోసారి తీసింది, మాట్లాడలేదు. మూడోసారి పీట వేసింది. పీట మీద కూర్చోవడం నా మోకాళ్ళకి ఎంత పనో మీకు తెలుసు, కానీ ఆరోజు కూర్చున్నాను. అవీ ఇవీ మాట్లాడుతుంటే మాటల్లో బయటపడింది. మూడు నెలలుగా ఆమెకి రేషన్ బియ్యం అందడం లేదు. వేలిముద్ర పడటం లేదు. మిషన్ మీద ఏ వేలు పెట్టినా పట్టదు, వెళ్ళి రమ్మంటారు. ఏ షాపో ఎవరి తప్పో ఇక్కడ అనవసరం. ఎందుకు పడదు? ఆ చేతులు నలభై ఏళ్ళు మిరపకాయల తొడిమలు తీసిన చేతులు. మా అమ్మ చేతులూ అలాగే ఉండేవి. సీజన్లో మంటకి రాత్రిళ్ళు మజ్జిగలో ముంచి కూర్చునేది. ఇక్కడున్న ఆడవాళ్ళలో సగం మందికి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. అలాంటి వేళ్ళ మీద గీతలెక్కడ మిగులుతాయి?

ఇప్పుడు లెక్క చూడండి. కార్డులో ఆమె ఒక్కతే. మనిషికి నెలకి అయిదు కేజీలు. మూడు నెలలకి పదిహేను. అది ఎవరూ దయ తలిచి ఇచ్చేది కాదు, చట్టం ప్రకారం ఆమెకి రావాల్సింది. ఆ పదిహేనూ పోతుంటే మనకి తెలియదు. మనం పది ఇచ్చి ఫోటో తీసుకున్నాం. ఎలా చూసినా ఇంకా అయిదు కేజీలు తక్కువే!

తర్వాత నేనూ, మన కోశాధికారీ ఆమెని ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్ళి వేలిముద్రలు, కంటిపాపలు మళ్ళీ తీయించాం. రెండు పూటలు పట్టింది. పై నెల నుంచి కంటిపాపతో బియ్యం వస్తున్నాయి. మనకైన ఖర్చు ఒక బియ్యం సంచి ఖరీదు కూడా లేదు.

ఫాదర్‌గారు గడియారం చూస్తున్నారు. విన్సెంట్‌గారి పండుగ కదా, ఆయన సంగతి చెప్పకుండా దిగితే బాగుండదు.

1617 ఆగస్టు. ఫ్రాన్స్‌లో షాటియోన్ అనే చిన్న ఊరు. అక్కడి విచారణ గురువు విన్సెంట్‌గారు ఆదివారం పూజకి సిద్ధమవుతుంటే, ఊరి చివర ఒక ఇంట్లో అందరూ జబ్బుపడ్డారు, గ్లాసు నీళ్ళిచ్చే దిక్కు లేదని ఎవరో వచ్చి చెప్పారు. ఆయన ప్రసంగంలో ఆ మాటే చెప్పారు. మధ్యాహ్నం తనూ బయల్దేరితే, దారంతా జనమే. రొట్టెలు, మాంసం పట్టుకుని వెళ్ళేవాళ్ళు, ఇచ్చి తిరిగొచ్చేవాళ్ళు. మనమైతే ‘ఆహా’ అని ఫోటో తీసేవాళ్ళం. ఆయనకి మాత్రం దిగులు పట్టుకుంది. ఇవాళ వచ్చిందంతా తినలేక పాడవుతుంది, రేపటికి మళ్ళీ పస్తు. అదీ ఆయన బాధ. ఆ డిసెంబరు 8కల్లా ఊళ్ళో ఆడవాళ్ళతో ఒక సంఘం పెట్టి, వంతులు వేసి, నియమాలు రాశారు.

ఆ నియమాల్లో ఒకటి నాకు ప్రాణం. రోగులకి అన్నం తీసుకెళ్ళే ఆమె, ఇంట్లో ఎవరో ఒకరు తోడున్నవాళ్ళతో మొదలుపెట్టాలట. ఒంటరిగా ఉన్నవాళ్ళ దగ్గరికి ఆఖర్న వెళ్ళాలట. ఎందుకో ఆలోచించండి, పిల్లలూ మీరు కూడా. ఆఖరి ఇల్లయితే తొందర ఉండదు, కాసేపు కూర్చోవచ్చు. నాలుగు వందల ఏళ్ళ క్రితం ఒక గురువుకి ఇంత ఆలోచన వచ్చింది. మనకి ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో ఏ సైజులో ఉండాలన్న ఆలోచన వచ్చింది!

కాన్ఫరెన్స్ అని మనం పిలుచుకునే ఈ సంఘాన్ని ఆయన పెట్టలేదు. ఆ సంగతి మన సభ్యుల్లోనే చాలామందికి తెలియదు. ఆయన పేరు మీద 1833లో పారిస్‌లో కాలేజీ కుర్రాళ్ళు పెట్టారు. ఫ్రెడరిక్ ఒజానామ్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు. ‘మీ క్రైస్తవ మతం ఒకప్పుడు మంచి చేసిందేమో, ఇప్పుడు పేదలకి చేస్తున్నదేంటి?’ అని తోటివాళ్ళు నిలదీస్తే ఆ పిల్లాడికి రోషం వచ్చింది. ఎవరింటికి వెళ్ళాలో తెలియకపోతే, పేటల్లో తిరిగే రోసలీ రాందూ అనే సిస్టర్ దారి చూపించింది. వాళ్ళ దగ్గర డబ్బు లేదు. ఇళ్ళకి వెళ్ళడమే వాళ్ళ పని. ఇద్దరిద్దరుగా వెళ్ళేవాళ్ళు. ఇప్పటికీ మన మీటింగులో చందా సంచి తిప్పేటప్పుడు ఎవరెంత వేశారో కనపడకుండా పిడికిలి మూసి వేస్తాం కదా. వేసేవాడి పరువు అంత జాగ్రత్తగా కాపాడి, తీసుకునేవాడి ముఖం మాత్రం గ్రూపులో పెట్టడం ఏం న్యాయం?

ఎవరో వెనకనుంచి అంటున్నారు, ‘ఫోటో లేకపోతే దాతలు ఇవ్వరు మాస్టారూ’ అని. నిజమే. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు లెక్క అడుగుతారు. అడగాలి కూడా. లెక్క చూపిద్దాం. బియ్యం బిల్లు పంపుదాం, సంచుల ఫోటో పంపుదాం. సంచికి కొడుకు లేడు, ఫోన్ చేసి తిట్టడు.

అన్నట్టు, బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం ఇంటికెళ్ళి చదవండి. గ్రీకు భాష మాట్లాడే యూదుల్లో వితంతువులకి రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందని తొలి సంఘంలోనే గొడవైంది. అన్నం దగ్గర తగువు! అపొస్తలులు ఆ గొణుగుడు విననట్టు ఊరుకోలేదు. ఆ పనికని ఏడుగుర్ని పెట్టారు. గొణిగినవాళ్ళ పుణ్యమే అది. మన మామ్మ గొణగలేదు, సంచి వెనక్కి పంపింది. అంతే తేడా.

పది నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. ఉపదేశిగారి దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టాను. అందులో నలభై ఇళ్ళున్నాయి, ఒక్కో ఇంటి పక్కన రెండు పేర్లకి చోటు వదిలాను. నెలకి రెండుసార్లు వెళ్ళాలి, చేతిలో ఏమీ లేకపోయినా సరే. రేషన్ వస్తోందా, పింఛను పడుతోందా, మందులున్నాయా అని అడగాలి. అడిగాక కాసేపు కూర్చోవాలి. పదహారు ఇళ్ళకి పేర్లు పడ్డాయి. ఇరవై నాలుగు ఖాళీ.

నా పేరు మామ్మ ఇంటి దగ్గరే ఉంది, వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి. నాతో రెండో మనిషి కావాలి. బండి ఉన్నవాళ్ళయితే మంచిది, ఆ సందు దాకా ఈ మోకాళ్ళతో నడవలేను. సెల్‌ఫోన్ మాత్రం ఇంట్లో పెట్టి రండి.