ట్యాంకులో పేరుకునే డీజిల్

శ్రోతలకు నమస్కారం.

డిసెంబర్ నెలలో పొద్దుగాల మన ఇళ్లల్లో కొబ్బరినూనె సీసా ఎట్లా ఉంటుందో గుర్తు చేసుకోండి. రాత్రి తేటగా ఉన్న నూనె తెల్లారేసరికి మసకేసి, తెల్లగా పేరుకుపోతుంది. సీసా బోర్లించినా చుక్క రాలదు. ఎండలో పెడితే మళ్లీ మామూలే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా ఇది అందరికీ తెలిసిన ముచ్చటే. డీజిల్ కూడా ఇదే పని చేస్తుంది. కాకపోతే దానికి మన ఇగం చాలదు. అందుకే మన దిక్కు లారీ నడిపేవాళ్లలో చాలామంది అది ఎన్నడూ చూసి ఉండరు. జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మాత్రం శ్రీనగర్‌లో మొదలైనదే. జనవరిలో ఆ కొసకు లోడు పట్టుకుని పోయే డ్రైవర్లకు, వాళ్ల ఓనర్లకు పనికొచ్చే సంగతులు ఇవాళ చెప్పుకుందాం.

డీజిల్‌లో మైనం కరిగి ఉంటుంది. కొవ్వొత్తికి వాడే పారాఫిన్ జాతి మైనమే అది. అది కల్తీ కాదు, డీజిల్ బాగా మండటానికి ఆ మైనమూ కారణమే. చలి పెరిగేకొద్దీ అది సన్నటి పలుకులుగా విడివడుతుంది. మొదట డీజిల్ మబ్బు పట్టినట్టు మసకబారుతుంది, దీన్ని క్లౌడ్ పాయింట్ అంటారు. ఇంకొంచెం చల్లబడితే ఆ పలుకులు ఫిల్టర్ కాగితానికి అట్టకట్టి దారి మూసేస్తాయి. మరీ చల్లబడితే మొత్తం జావలా మారి కదలదు, అది పోర్ పాయింట్. వీటిలో బండిని ఆపేది నడిమిదే. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇంజిన్ దగ్గరి ఫిల్టర్ రంధ్రాలు అందులో పదో వంతు కూడా ఉండవు. కాబట్టి ట్యాంకు మూత తీసి చూస్తే డీజిల్ నీళ్లలా కదులుతూనే ఉంటుంది, బండి మాత్రం ముందుకు పోదు. 'డీజిల్ బాగానే ఉంది కదా' అని పంపునూ ఇంజెక్టర్లనూ విప్పించుకుని డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

మన దేశంలో డీజిల్‌కు ఐఎస్ 1460 అనే ప్రమాణం ఉంది. ఫిల్టర్ మూసుకుపోయే వేడి చలికాలపు డీజిల్‌కు 6 డిగ్రీలు, మిగతా కాలపు డీజిల్‌కు 18 డిగ్రీలు దాటకూడదని అందులో రాసి ఉంది. ఇవి హద్దులు మాత్రమే. బంకుకు వచ్చే సరుకు సాధారణంగా ఇంతకన్నా మెరుగ్గానే ఉంటుంది, అందుకే మన దగ్గర 12 డిగ్రీల పొద్దున కూడా లారీలు లేస్తాయి. అయినా ఆ ప్రమాణం హామీ ఇచ్చేది 6 డిగ్రీల దాకే. డిసెంబర్ 21 నుంచి జనవరి నెలాఖరు దాకా కశ్మీర్‌లో చిల్లా కలాన్ అని 40 రోజుల గడ్డుచలి నడుస్తుంది. అప్పుడు శ్రీనగర్‌లోనే రాత్రులు సున్నా కిందికి పోతాయి. ఇక లద్దాఖ్ సంగతి వేరు. అక్కడి కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌లో ప్రత్యేక చలికాలపు డీజిల్ తెచ్చింది. అది మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది.

అంటే బండి కొండ మీద ఆగినా, అది ఆగడం ఖాయమయ్యేది కింద బంకులోనే. లెక్క వేద్దాం. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీకి 400 లీటర్ల ట్యాంకు ఉంటే 1600 కిలోమీటర్లు లాగుతుంది. జడ్చర్లలో నింపుకుంటే గ్వాలియర్, ఆగ్రా దాటేదాకా అదే డీజిల్. ఒక్క ట్యాంకు బండికి ఇబ్బంది లేదు, కొండెక్కేలోపు పాతది అయిపోతుంది. రెండో ట్యాంకు ఉన్నవాళ్లూ, ధర తక్కువన్న చోటల్లా మూతిదాకా నింపేవాళ్లూ మాత్రం జాగ్రత్త పడాలి. 300 లీటర్ల పాత డీజిల్ మీద 50 లీటర్ల చలికాలపు డీజిల్ పోస్తే ఒరిగేదేమీ ఉండదు. కొండలకు ముందు పంజాబ్‌లో వచ్చే పఠాన్‌కోట్ చేరేసరికి ట్యాంకులో పావు వంతుకు మించి మిగలకుండా చూసుకుని, అక్కడి నుంచి స్థానిక లారీలు నింపుకునే చోటే నింపాలి. రాత్రి ఆగేటప్పుడు మాత్రం ట్యాంకు నిండుగా ఉండాలి. ఖాళీ ట్యాంకు లోపలి గోడలకు తేమ పట్టి నీళ్లు దిగుతాయి, ఆ నీళ్లు సున్నా దగ్గరే మంచవుతాయి. కొన్నిసార్లు ఫిల్టర్‌ను మూసేది మైనం కాదు, ఈ మంచే. కాబట్టి కొండెక్కే ముందు, డీజిల్‌లోని నీళ్లను వేరుచేసే వాటర్ సెపరేటర్ కింది మర విప్పి, తేట డీజిల్ వచ్చేదాకా నీళ్లు వదిలేయండి. రెండు నిమిషాల పని.

డీజిల్ పేరుకోకుండా పోసే మందు కూడా దొరుకుతుంది. చాలామంది బండి ఆగాక పోస్తారు, అప్పటికి ఆలస్యమైపోయినట్టే. మామూలు మందు మైనాన్ని కరిగించదు. పలుకులు పెద్దవి కాకుండా, ఒకదానికొకటి అంటకుండా చేస్తుంది, అంతే. అందుకని డీజిల్ ఇంకా వెచ్చగా, తేటగా ఉన్నప్పుడే సీసా మీద రాసిన కొలత ప్రకారం ముందు మందు పోసి, ఆపైన డీజిల్ కొట్టించాలి. అప్పుడే అది బాగా కలుస్తుంది.

ఇక కిరసనాయిలు. పాత బండ్లలో ఐదో వంతు కలిపి గట్టెక్కినవాళ్లు ఉన్నారు, అప్పట్లో అది పనిచేసింది కూడా. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బండిలో అది చేయకూడదు. ఆ బండి డీజిల్‌లో గంధకం పది లక్షల వంతుల్లో 10 వంతులకు మించదు. కిరసనాయిలులో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. సైలెన్సర్ దారిలోని ఖరీదైన భాగాలు పాడైపోతాయి. పైగా దానికి జిడ్డు తక్కువ, పంపు అరిగిపోతుంది. పెట్రోలైతే ఏ బండిలోనూ కలపకండి, ట్యాంకు బాంబే అవుతుంది.

ఇంత చేసినా బండి ఆగింది అనుకుందాం. కశ్మీర్‌లోని ఖాజీగుండ్ దగ్గర దారి మూసి, రాత్రంతా ఇంజిన్ ఆపి ఉన్నారు. పొద్దున సెల్ఫ్ కొడితే బండి లేచింది, ఒకటి రెండు నిమిషాలు నడిచి, పికప్ పడిపోయి ఆగింది. ఇదే అసలు గుర్తు. పైపుల్లో, ఫిల్టర్ అవతల మిగిలిన డీజిల్‌తో లేచింది, అది అయిపోగానే ఆగింది. సెల్ఫే మూలుగుతూ మెల్లగా తిరిగితే అది బ్యాటరీ సంగతి, డీజిల్‌ది కాదు.

మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. ఒకసారికి 10 సెకన్లు, మధ్యలో రెండు నిమిషాలు విరామం. లేకపోతే బ్యాటరీ కూడా పడిపోతుంది. ఛాసిస్ పక్కనున్న మొదటి ఫిల్టర్ విప్పి చూడండి. కాగితం మడతల్లో వెన్నలాంటి తెల్లటి ముద్ద కనిపిస్తే రోగం తేలినట్టే. మెరిసే గట్టి పలుకులు, గిన్నెలో గడ్డ కనిపిస్తే అది మంచు.

విరుగుడు వేడే. ట్యాంకు కింద డీజిల్ గుడ్డలు కాల్చి పెట్టే పద్ధతి మాత్రం వద్దు. ఎయిర్ పైపులు, వైర్లు, టైర్లు అన్నీ ఆ పక్కనే ఉంటాయి, అవి అంటుకుంటే బండితో పాటు లోడూ పోతుంది. ఫిల్టర్ చుట్టూ, ట్యాంకు నుంచి వచ్చే పైపు చుట్టూ గుడ్డ చుట్టి, దాని మీద వేడినీళ్లు మెల్లగా పోయండి. మరిగే నీళ్లొద్దు, ప్లాస్టిక్ గిన్నె పగులుతుంది. కనెక్టర్ల మీద పడనివ్వకండి. పని కాగానే తడిగుడ్డ తీసేయాలి, లేకుంటే అదే గడ్డకడుతుంది. ఎండ వస్తే ట్యాంకు వైపు ఎండ పడేలా చూసుకుని, గాలి వచ్చే దిక్కున టార్పాలిన్ కట్టండి. ఓపిక కావాలి. మైనం మళ్లీ కరగాలంటే అది మసకబారినప్పటి వేడి కన్నా బాగా ఎక్కువ వేడి కావాలి.

తరువాత కొత్త ఫిల్టర్లు. అక్కడికి వెళ్లేముందే రెండు రకాలవీ రెండేసి చొప్పున, వాటి రబ్బరు రింగులతో సహా క్యాబిన్‌లో ఉండాలి. ఇంజిన్ దగ్గరి ఫిల్టర్‌ను బయటి డీజిల్‌తో నింపి బిగించకండి, అందులోని నలుసు నేరుగా ఇంజెక్టర్లకే పోతుంది. పొడి ఫిల్టర్ బిగించి, హ్యాండ్ ప్రైమర్ అనే చేతిపంపు గట్టిపడేదాకా కొట్టి, బ్లీడింగ్ స్క్రూ దగ్గర బుడగలు ఆగేదాకా ఎయిర్ తీయండి. బాగా ఎక్కువ ఒత్తిడితో ఇంజెక్టర్లకు డీజిల్ పంపే కామన్ రైల్ బండిలో ఇంజెక్టర్ పైపుల నట్లు వదులు చేసి ఎయిర్ తీయకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ సూదిలా చర్మంలోకి దూసుకుపోతుంది.

బండి లేచాక పావుగంట ఐడిల్ మీదే ఉంచండి. ఇంజిన్ నుంచి వెనక్కి తిరిగే వెచ్చటి డీజిల్ మెల్లమెల్లగా ట్యాంకును కూడా కాస్తుంది. ఆ తర్వాత దొరికిన మొదటి బంకులో స్థానిక డీజిల్ పోయించుకోవాలి. విప్పిన పాత ఫిల్టర్ పారేయొద్దు. మూసింది మైనమే అయితే వెచ్చటి క్యాబిన్‌లో గిన్నె మీద నిలబెడితే కరిగి కారిపోతుంది, అత్యవసరానికి మళ్లీ పనికొస్తుంది.

రెండు చిన్న సంగతులు. పొగలోని విషవాయువులను తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే యాడ్‌బ్లూ మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, కరగడానికని దానిలో నీళ్లు కలపకండి. బండి లేచాక దాని హీటరే కరిగిస్తుంది. రేడియేటర్లో ఎండాకాలం ఉత్త నీళ్లు పోసి ఉంటే మాత్రం, బయలుదేరే ముందు ఇక్కడే తీసేసి కూలెంటూ శుద్ధి చేసిన నీళ్లూ సగానికి సగం పోయించండి. ఉత్త నీళ్లు గడ్డకడితే పగిలేది ఇంజిన్ బ్లాకే.

నమస్కారం.