వద్దని చెప్పే మనిషి కోసం

శ్రోతలకు నమస్కారం.

సొంత డబ్బుతో కథలూ నవలలూ అచ్చేసుకునే రచయిత రోజంతా ఏం చేస్తాడని అడిగితే, చాలామంది "ఏముంది, రాసుకుంటాడు" అంటారు. ఆ మాట వింటే మా అమ్మకి నవ్వొస్తుంది. తెనాలిలో మా ఇంట్లో మంచాల కింద ఒకప్పుడు ధాన్యం బస్తాలుండేవి. ఇప్పుడు ఖాకీ కాగితం చుట్టిన పుస్తకాల కట్టలున్నాయి. "బస్తాలైతే ఏడాది తిరిగేసరికి ఖాళీ అయ్యేవిరా" అంటుంది.

పొద్దున్నే లేచి, ఊరు నిద్రలేచేదాకా రాస్తాను. తర్వాత ఒక వ్యాపారి దగ్గర లెక్కలు చూసే ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చాక రచయితని కాను, పబ్లిషర్‌ని. ఎవరు డబ్బు పంపారు, ఎవరికి పుస్తకం పంపాలి, ఏ షాపు నుంచి బాకీ రావాలి, ఇదే పని. పుస్తకం ధర నూట యాభై అనుకోండి. షాపుకి నలభై శాతం కమీషన్ పోతే మన చేతికొచ్చేది తొంభై. అందులోంచే కాగితం, ప్రింటింగ్, బైండింగ్, ముఖచిత్రం గీసినవాళ్ల పారితోషికం. అదీ, షాపువాళ్లు అమ్మిన డబ్బు పంపినప్పుడు. పంపకపోతే మనమే వెళ్లి ఎదురుగా స్టూలు మీద కూర్చుని, వాళ్లు తెప్పించిన టీ తాగి, ఆ టీతోనే తిరిగి రావాలి.

కొన్ని పనులు మాత్రం అనుకున్నంత కష్టం కాదు. పుస్తకాన్ని గుర్తుపట్టడానికి వేసే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితమే, రాజా రామ్మోహన్ రాయ్ పేరున్న జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. 1954 నాటి చట్టం ప్రకారం, పుస్తకం వేసిన ప్రతివాళ్లూ కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకీ, మరో మూడు పెద్ద గ్రంథాలయాలకీ సొంత ఖర్చుతో ఒక్కో కాపీ పంపాలి. చాలామంది పంపరు. నేను పంపుతాను. తెనాలిలో ఎవరూ కొనని నవల కూడా కోల్‌కతాలో ఒక బీరువాలో ఉంటుందన్నది చిన్న సంతోషమేమీ కాదు. ఇక పోస్టు సంగతి. పుస్తకాలు చవగ్గా పంపే పాత బుక్ పోస్ట్ పోయాక కొన్నాళ్లు అందరం టెన్షన్ పడ్డాం. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. నూట అరవై పేజీల నవల తూకం రెండు వందల గ్రాములకి అటూ ఇటూగా ఉంటుంది. మూడు వందల గ్రాముల దాకా చార్జీ ఇరవై రూపాయల నుంచి మొదలు.

ఇదంతా కొత్తగా వచ్చిన అవస్థ అనుకోకండి. కందుకూరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టినప్పుడు మొదట్లో మద్రాసులో అచ్చు వేయించేవారు. తర్వాత రాజమహేంద్రవరంలోనే ప్రెస్ పెట్టుకున్నారు. తన నవల ముందు తన పత్రికలోనే వచ్చింది. రాసేదీ ఆయనే, వేసేదీ ఆయనే, తిట్లు తినేదీ ఆయనే. ఆయన్ని తిట్టేవాళ్లకి కొదవ లేదు. నాకున్న లోటు అదే.

కొంచెం వివరంగా చెబుతాను. వారపత్రికలు జోరుగా నడిచిన రోజుల్లో సీరియల్ పంపితే సంపాదకుడి బల్ల దాటాలి. తిరుగు టపాలో తిరిగొచ్చిన కవర్ని చూసి ఏడ్చిన రచయితలు ఎందరో. ఆ బాధ ఇప్పుడు లేదు. నేను రాసింది అచ్చు కాకుండా ఆపే మనిషి ఈ భూమ్మీద ఎవరూ లేరు. ప్రెస్సాయనకి డబ్బు కడితే చాలు, వంటల పుస్తకమైనా నవలైనా ఒకే శ్రద్ధతో వేస్తాడు. దీన్ని స్వేచ్ఛ అంటారు కానీ, నాకైతే ప్రమాదం అనిపిస్తుంది. "ఇది వద్దు, ఇలా కాదు" అనే మనిషి లేకపోతే ఆ మనిషిని మనమే వెతుక్కోవాలి. నా చదువూ నా ప్రయాణాలూ చాలావరకు ఆ వెతుకులాటే.

చదువు సంగతి ముందు. ఈ మధ్య ఎక్కువగా చదివింది కైఫీయత్తులు. రెండు వందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి, ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరుల సాయంతో ఊరూరా కరణాల చేత చెప్పించి రాయించిన గ్రామ చరిత్రలు అవి. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఎంత మాన్యం, ఏ దొర వచ్చి పోయాడు. కరువు గురించి చెప్పినా, పెళ్లి గురించి చెప్పినా కరణం గారి గొంతు ఒకేలా ఉంటుంది. కళ్లు తుడుచుకోడు, గుండెలు బాదుకోడు. నేను ఒక పేజీ నిండా పరితాపం రాసుకున్న రోజు, రాత్రి పడుకోబోయే ముందు ఒక కైఫీయత్తు చదివితే చాలు. తెల్లారి ఆ పేజీలో సగం కొట్టేస్తాను.

ఇప్పుడు రాస్తున్న నవల చీరాల పేరాల నేపథ్యంలోది. 1921లో మునిసిపాలిటీ పన్నులు మోయలేక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఊరు ఖాళీ చేసి, పొలిమేర అవతల రామ్‌నగర్ అని పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. చరిత్ర పుస్తకాల్లో ఇది నాలుగు వాక్యాలు. నవలకి ఆ నాలుగు వాక్యాలు చాలవు. అక్కడ దీపాల్లో నూనెకి ఏం చేశారు? పురుళ్లు ఎవరు పోశారు?

అందుకే వేటపాలెం వెళ్తుంటాను. తెనాలిలో రైలెక్కితే బాపట్ల, చీరాల, ఆ తర్వాత వేటపాలెం. ఆ స్టేషన్లో అన్ని రైళ్లూ ఆగవు, ప్యాసింజరు చూసుకుని ఎక్కాలి. అక్కడి సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం. 1929లో గాంధీగారు కూడా వచ్చి వెళ్లారు. పాత పత్రికల సంపుటాలకి పెట్టింది పేరు. పత్రికలో నేను ముందు చూసేది వార్త కాదు, దాని పక్కనున్న ప్రకటన. బలం మందు, గడియారం, సువాసన నూనె. అవి చూస్తే ఆ కాలం మనిషి దేనికి ఆశపడ్డాడో తెలుస్తుంది. వార్తలు రాసేవాళ్లు గొప్ప విషయాలు ఏరుకుంటారు, ప్రకటన ఇచ్చేవాడికి ఆ మొహమాటం లేదు.

ఆ పక్కనే చేనేత వీధులున్నాయి. ఒక మధ్యాహ్నం ఒక ఇంట్లో కూర్చున్నాను. ఆ ఇంటావిడ మగ్గం మీద అచ్చు అతుకుతోంది. మగ్గం మీద నిలువునా ఉండే దారాలే పడుగు. అయిపోయిన పడుగు చివరి పోగుకి కొత్త పడుగు పోగుని కలిపి, బూడిద అద్దుకున్న బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఒక్క మెలి. మళ్లీ పక్క పోగు. అలా వేల పోగులు. చూపు అక్కడే, మాటలు మాత్రం నాతో.

చాలారోజులుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న అడిగాను. "అమ్మా, ఊరంతా లేచిపోయినప్పుడు నేలలో గుంట తవ్వి దించిన గుంటమగ్గాలు ఎలా తీసుకెళ్లి ఉంటారు? గుంటని మోసుకెళ్లలేరు కదా?" అదొక గొప్ప దృశ్యం అవుతుందని నా ఆశ.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "గుంటదేముంది బాబూ, ఒక పూట తవ్వుకుంటే అయిపాయె. మగ్గం మీదున్న పడుగు పాడవకుండా ఎట్టా తీసుకెళ్లారో, అది కనుక్కో."

మళ్లీ తలొంచుకుని నాలుగు పోగులు అతికాక తనే అంది. "సినిమాల్లో మగ్గం దగ్గర కూచున్నోళ్లంతా ఏడుస్తా ఉంటారేంటి? కళ్లలో నీళ్లుంటే పోగు కనపడుద్దా?"

ఏ సంపాదకుడూ నాకు ఇంత గట్టి సలహా ఇవ్వలేదు. చుట్టి పెట్టిన పడుగుని గోతంలో కట్టి, నెత్తిన పెట్టుకుని, దాన్ని ఎవరికీ తగలనివ్వకుండా నడిచే ఒక ఆడమనిషి ఆ సాయంత్రం రైల్లోనే నవల్లోకి వచ్చేసింది. ఉపన్యాసాలూ జెండాలూ వెనక్కి వెళ్లిపోయాయి.

వద్దనే ఇంకో మనిషి, కంప్యూటర్లో పుస్తకం పేజీలు పేర్చే మా డీటీపీ ఆయన. నేను ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ మామూలుగా వాడే యూనికోడ్ అక్షరాల్లో రాసి పంపితే, ఆయన ప్రెస్సుకి కావలసిన 'అను' అనే ఫాంట్లలోకి మారుస్తాడు. ఆ మార్పిడిలో అక్కడక్కడా ఒత్తులు చెదిరిపోతాయి, అందుకే ప్రూఫు మళ్లీ మొదటి నుంచి చదవాలి. ఆయన సాహిత్యం గురించి మాట్లాడడు. కానీ పేజీలు పేర్చుతూ ఒక్కోసారి ఫోన్ చేసి, "గురువుగారూ, పుస్తకం పదహారుల లెక్కలోకి రావట్లేదు, ఆరు పేజీలు మిగిలిపోయాయి. తీసేద్దామా, పెంచుతారా?" అని అడుగుతాడు. పదహారు పేజీలొక ఫారం కదా. ఇంకో పది పేజీలు పెంచి ఫారం నింపడం తేలిక. నేను తీయడానికే చూస్తాను. కాగితం ఖర్చు కోసమేనని ఆయన నమ్మకం. అలాగే ఉండనిస్తున్నాను.

ఇక జనవరి. విజయవాడ పుస్తక మహోత్సవం ఆనవాయితీగా ఆ నెల మొదట్లో జరుగుతుంది. చాలా ఏళ్లు స్వరాజ్ మైదానంలో జరిగేది, ఇప్పుడక్కడ అంబేద్కర్ విగ్రహం ఉంది. నాలాంటివాళ్లం నలుగురం కలిసి ఒక స్టాల్ తీసుకుంటాం. మధ్యాహ్నాలు జనం పలచగా ఉంటారు. అప్పుడు పాఠకుల్ని గమనించడమే నా పని. పుస్తకం తీసి ముందు అట్ట చూస్తారు, తిప్పి వెనక అట్ట, అక్కడే ధర. తర్వాత మధ్యలో ఎక్కడో తెరిచి నిలబడి చదువుతారు. ఆ కళ్లు ఎక్కడ ఆగాయో, ఎక్కడ పక్క స్టాల్ వైపు మళ్లాయో చూస్తుంటాను. పుస్తకం మళ్లీ పెట్టేసేవాళ్లు నొచ్చుకోకూడదని ఏదో అంటారు, "మళ్లీ వస్తామండీ" అని. వాళ్లు రారు. ఆ విషయం వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు.

ఒకాయన మాత్రం నా నవల్లో మూడు పేజీలు తీరిగ్గా చదివి, మూసి, "మీ పాత్రలన్నీ మీలాగే మాట్లాడుతున్నాయండీ" అని చెప్పి, కొనకుండా వెళ్లిపోయాడు. ఆయన పేరు కూడా కనుక్కోలేకపోయాను. నూట యాభై రూపాయలకి రశీదు రాసిచ్చిన వాళ్లకన్నా ఆయనే నాకు ఎక్కువ ఇచ్చాడు.

చీరాల నవల ఇప్పుడు రెండో ప్రూఫులో ఉంది. వచ్చే జనవరికి స్టాల్ మీదకి వస్తుంది. మీలో ఎవరైనా అటు వస్తే, మధ్యలో ఏదో ఒక పేజీ తీసి చదవండి. నచ్చకపోతే మొహమాటపడకుండా అక్కడే పెట్టేయండి. కాకపోతే ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో చూపించి మరీ వెళ్లండి. పక్కన పెన్సిలు పెట్టి ఉంచుతాను.

సెలవు.